తెరిచిన డోర్ తెరిచినట్టే నిలవాలంటే: స్టాపర్లు, గ్యాస్ షాకర్లు, కొక్కేలు

బండి డోర్‌ని తెరిచి ఉంచే ఏర్పాట్లన్నీ పైకి ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ వాటిలో రెండు జాతులున్నాయి. కొన్ని స్ప్రింగు బలంతోనో గ్యాసు ఒత్తిడితోనో డోర్‌ని పట్టుకుంటాయి. పక్క డోర్ల స్టాపర్లు, డిక్కీకి ఉండే గ్యాస్ షాకర్లు ఈ రకం. ఎదురు బలం ఎక్కువైతే ఇవి లొంగిపోతాయి. ఇంకొన్ని ఇనుముకు ఇనుము అడ్డుపడి ఆపుతాయి. బానెట్ కింది స్టే రాడ్, లారీ వెనక తలుపుల కొక్కెం, రాడ్ లోపలికి జారకుండా లాకింగ్ గొట్టం తొడిగిన షాకర్ ఈ రెండో రకం. ఇవి విరిగితేనో, ఎవరైనా తీస్తేనో తప్ప వదలవు. తల లోపల పెట్టి పనిచేయాల్సి వస్తే మొదటి రకాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అందుకే చేయి వేసే ముందు మీ బండికి ఉన్నది ఏ రకమో తేల్చుకోండి.

పక్క డోర్ స్టాపర్

రెండు హింజ్‌ల మధ్య పిల్లర్ (డోర్‌ని బిగించిన బాడీ స్తంభం) నుంచి డోర్ లోపలికి వెళ్లే పట్టీయే స్టాపర్. పట్టీ మీద ఎత్తుపల్లాలుంటాయి. డోర్ లోపలి చిన్న పెట్టెలో రోలర్లు స్ప్రింగు ఒత్తిడితో పట్టీని రెండు వైపులా నొక్కిపడతాయి. రోలర్లు పల్లంలో పడిన చోట డోర్ నిలుస్తుంది. చాలా కార్లలో ఇలాంటి నిలుపులు రెండో మూడో ఉంటాయి. పట్టీ చివర ఉండే అడ్డు, డోర్ హద్దు దాటి తెరుచుకుని ముందు ఫెండర్‌ని గుద్దకుండా కాపాడుతుంది.

చదునైన నేల మీద సగం చెడిన స్టాపర్ కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పరీక్ష వాలులోనే చేయాలి. ముందుభాగం పైకి ఉండేలా బండిని నిలిపితే డోర్ మూసుకోవాలని చూస్తుంది, దిగే కాలు మీద పడేది అలాంటప్పుడే. ముందుభాగం కిందికి ఉంటే డోర్ విసురుగా తెరుచుకోవాలని చూస్తుంది. హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేసి, రెండు దిక్కులా ఒక్కో నిలుపు దగ్గర డోర్‌ని వదిలి చూడండి. ఏ నిలుపులోనూ ఆగకపోతే రోలర్లో స్ప్రింగో అరిగిపోయాయి. ఒక్క నిలుపులోనే జారుతుంటే పట్టీ మీద ఆ పల్లం అరిగింది.

చప్పుడు బట్టి కూడా చాలా తెలుస్తుంది. కిర్రుమంటే పట్టీ ఎండిపోయింది, గ్రీజుతో సరిపోతుంది. తెరిచేటప్పుడు పిల్లర్ దగ్గర టక్కుమని కొడితే అక్కడి బోల్టు వదులైంది, లేదా పిన్ను దగ్గర సందు పడింది. ఆ టక్కుని వదిలేయకండి. వదులు బోల్టు మీద పడే ప్రతి కుదుపూ పిల్లర్ రేకుకే తగులుతుంది. రేకు చీలాక కొత్త స్టాపర్ కొని లాభం లేదు, ముందు బాడీ వెల్డింగ్ చేయించాలి.

ఇంకో పరీక్ష మరవకండి. డోర్ సగం తెరిచి చివర పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. హింజ్ దగ్గర కదలిక తెలిస్తే లోపం హింజ్ పిన్నులదో బుష్‌లదో. స్టాపర్ మార్చినా ఆ డోర్ సరిగా నిలవదు.

గ్రీజు పెట్టే ముందు పట్టీ మీది పాత నల్లటి జిడ్డుని గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఇసుక కలిసిన ఆ జిడ్డే రోలర్లని తినేది. ఇనుప పట్టీకి తెల్ల లిథియం గ్రీజు రెండు వైపులా శనగగింజంత చొప్పున రాసి, డోర్‌ని పదిసార్లు పూర్తిగా తెరిచి మూయండి. పక్కలకు వచ్చిన మిగులుని తుడిచేయండి. పట్టీకి ప్లాస్టిక్ పూత ఉంటే సిలికాన్ గ్రీజు మంచిది. తుప్పు వదిలించే పల్చని స్ప్రేలు ఆ పూటకి చప్పుడు ఆపుతాయి గానీ ఉన్న గ్రీజుని కడిగేసి, తామూ ఎగిరిపోతాయి.

మార్చాల్సి వస్తే పని ఇలా సాగుతుంది. అద్దం పూర్తిగా పైకి ఎత్తండి. డోర్‌లో ఎయిర్‌బ్యాగ్ సెన్సరు ఉండే బండైతే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. లోపలి ప్యానెల్ విప్పండి. దాని వెనక జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటుని చింపకుండా ఒక మూల నుంచి మెల్లగా లాగండి. చాలా కార్లలో స్పీకరు విప్పితే ఆ రంధ్రం నుంచే చేయి పడుతుంది. ఇప్పుడు పిల్లర్ వైపు బోల్టు తీయాలి. అది వచ్చిన క్షణం నుంచి డోర్‌కి హద్దు లేదు. ఒక మనిషి డోర్ పట్టుకుని ఉండాలి, ఫెండర్‌కీ డోర్‌కీ మధ్య మందపాటి గుడ్డ మడిచి పెట్టాలి. ఆ తర్వాత డోర్ అంచున ఉన్న రెండు నట్లు విప్పితే (ఎక్కువ కార్లలో 10 నంబర్ పానా పడుతుంది) స్టాపర్ లోపలికి జారుతుంది, స్పీకరు రంధ్రంలోంచి బయటికి తీయవచ్చు.

కొత్తదాని మీద కుడి, ఎడమ గుర్తులు, పైకి చూడాల్సిన వైపు గుర్తు ఉంటే చూసుకోండి. తలకిందులుగా కూడా అది కూర్చుంటుంది, కానీ పట్టీ వంకర తిరిగి పెట్టె అంచుకు రాసుకుంటుంది. పెట్టెకీ డోర్ రేకుకీ మధ్య రబ్బరు ఉంటే తప్పక వేయాలి. ముందు డోర్ వైపు నట్లు, ఆ తర్వాత పిల్లర్ బోల్టు, మాన్యువల్‌లో ఇచ్చిన బిగింపుకే బిగించండి. ప్లాస్టిక్ షీటు మళ్లీ చుట్టూ అంటుకోకపోతే వాన నీళ్లు క్యాబిన్‌లోకి వస్తాయి. మొదటిసారి తెరిచేటప్పుడు మెల్లగా తెరుస్తూ డోర్ ముందు అంచుకూ ఫెండర్‌కూ మధ్య సందు చూస్తూ ఉండండి.

ఎంత మంచి స్టాపరైనా గాలి విసురుకి నిలవదు. వెనక నుంచి వీచే గాలి తెరిచిన డోర్ లోపలివైపు పట్టి ముందుకి విసురుతుంది. డోర్ ముందు అంచున రేకు మడత పడేదీ, పట్టీ చివరి అడ్డు తెగేదీ ఎక్కువగా ఇలాగే. గాలి గట్టిగా ఉన్న చోట బండి ముఖం గాలికి ఎదురుగా నిలపండి, డోర్ అంచుని చేత్తో పట్టుకునే తెరవండి.

గ్యాస్ షాకర్లు

డిక్కీ డోర్‌ని నిలిపే సన్నని గొట్టాల్లో ఉండేది నైట్రోజన్, కొద్దిగా నూనె. పిస్టన్ రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉంటుంది. ఒక వైపు రాడ్ ఆక్రమించిన మేరకు వైశాల్యం తగ్గుతుంది కాబట్టి ఆ తేడా మేరకు రాడ్ బయటికి నెట్టబడుతుంది. 8 మి.మీ. రాడ్ ఉన్న షాకర్ 400 న్యూటన్ల బలం ఇస్తోందంటే లోపల సుమారు 80 బార్ ఒత్తిడి ఉన్నట్టు. కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర బార్. కాబట్టి షాకర్‌కి రంధ్రం వేయడం, కోయడం, దగ్గర్లో వెల్డింగ్ చేయడం, పాతదాన్ని మంటలో వేయడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

షాకర్ ఒక్కసారిగా చచ్చిపోవడం అరుదు. సీల్ దగ్గర గ్యాసు మెల్లగా కారుతుంది. డోర్ చివరి భాగం తానుగా లేవదు, సగంలో వదిలితే కుంగుతుంది, రాడ్ మీద నూనె తడి కనిపిస్తుంది. తెరుచుకునే చివర్లో నెమ్మదించకుండా దభీమని కొడితే నూనె పోయింది. చలి ఉదయాల్లో లోపం ముందుగా బయటపడుతుంది. షాకర్ మీద ముద్రించిన బలం సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరిది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే బలం సుమారు 3.4 శాతం తగ్గుతుంది. మధ్యాహ్నం నిలిచిన డోర్ తెల్లవారుజామున నెత్తిన పడేది అందుకే. షాకర్‌ని పరీక్షించాలంటే చల్లటి వేళే సరైన వేళ.

కొత్తవి కొనేటప్పుడు నాలుగు విషయాలు కలవాలి: పూర్తిగా చాచినప్పుడు ఒక బాల్ (షాకర్ చివర కూర్చునే గుండ్రని తల) మధ్య నుంచి మరో బాల్ మధ్య వరకు పొడవు, రాడ్ లోపలికి వెళ్లే ప్రయాణం, బాల్ సైజు (కార్లలో 10 మి.మీ. ఎక్కువగా కనిపిస్తుంది), గొట్టం మీద న్యూటన్లలో రాసిన బలం. పొడవు ఎక్కువైన షాకర్ వేస్తే డోర్ పూర్తిగా మూసుకునే లోపే రాడ్ అడుగుకు తగులుతుంది. అప్పుడు బలంగా నొక్కితే హింజ్ వంగుతుంది, లేదా అద్దం పగులుతుంది.

ముద్ర చెరిగిపోయినా, డోర్‌కి బరువు కలిపినా, లెక్క మీరే వేసుకోవచ్చు. 20 కిలోల డోర్ పూర్తిగా తెరిచినప్పుడు దాని బరువు కేంద్రం హింజ్ నుంచి అడ్డంగా 50 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. కిందికి తిప్పే బలం 20 × 9.81 × 0.5, అంటే సుమారు 98 న్యూటన్ మీటర్లు. హింజ్ నుంచి షాకర్ గీతకు లంబదూరం 20 సెం.మీ. అయితే రెండు షాకర్లూ కలిసి 490 న్యూటన్లు, ఒక్కొక్కటి 245 ఇవ్వాలి. చలికీ వయసుకీ 15 శాతం కలిపితే సుమారు 280. ఇదే డోర్ చివర, హింజ్‌కి 90 సెం.మీ. దూరంలో 3 కిలోల స్పాయిలర్ బిగిస్తే ఒక్కో షాకర్ మీద మరో 66 న్యూటన్లు పడతాయి. స్పాయిలర్, సైకిల్ స్టాండ్ వేసిన బండ్లలో షాకర్లు బాగున్నా డోర్ కుంగేది ఈ లెక్క వల్లే. అలాగని మరీ బలమైనవి వేయకండి. తాళం వదలగానే డోర్ గడ్డానికి తగిలేంత వేగంతో లేస్తుంది, బాల్ బిగించిన చోట రేకు చిరుగుతుంది.

రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటే మారిస్తే బరువంతా కొత్తదాని మీద పడి డోర్ మెలితిరుగుతుంది, హింజ్‌లు ఒక పక్కకి అరుగుతాయి.

1. బండి చదునుగా నిలిపి డోర్‌ని పూర్తిగా తెరవండి. గుమ్మం దగ్గరి గట్టి భాగం నుంచి డోర్ ఇనుప అంచు వరకు సరిపడే కర్రని ఊతగా పెట్టండి. అద్దం మీద, ప్లాస్టిక్ మీద ఊత ఆనకూడదు. తోడు మనిషి డోర్ పట్టుకుంటే ఇంకా మంచిది.

2. ఒక వైపు షాకర్ తీసి, కొత్తది బిగించాకే రెండో వైపు ముట్టుకోండి.

3. కప్పు (బాల్ మీద కూర్చునే షాకర్ చివరి గిన్నె) దగ్గరి తీగ క్లిప్పుని సన్నని స్క్రూడ్రైవర్‌తో 3, 4 మి.మీ. మాత్రమే ఎత్తి, కప్పుని బాల్ నుంచి నేరుగా లాగండి. క్లిప్పు పూర్తిగా ఊడదీస్తే వంగిపోతుంది, తర్వాత సరిగా పట్టదు.

4. బాల్ తుడిచి, కొంచెం గ్రీజు రాసి, వదులుగా ఉంటే బిగించండి. కొత్త షాకర్‌లో రాడ్ కిందికి వచ్చేలా పట్టుకుని కప్పులు టక్కుమనేదాకా నొక్కండి. రాడ్ కిందికి ఉంటేనే నూనె సీల్‌ని తడుపుతుంది, చివర్లో డోర్‌ని నెమ్మదింపజేస్తుంది. పాతది వేరేగా ఉంటే మాన్యువల్ చూసుకోండి.

5. ప్రతి కప్పునీ చేత్తో లాగి చూడండి. సరిగా పట్టని కప్పు మొదటి నాలుగు రోజులు నిలిచి, ఆ తర్వాత ఊడుతుంది.

6. ఊత తీసి, డోర్‌ని చాలా మెల్లగా మూస్తూ ఎక్కడైనా బిగుసుకుంటోందేమో చూడండి.

కొత్త షాకర్ పూర్తిగా చాచి వస్తుంది, చేత్తో నొక్కి పొట్టి చేయలేరు. బాల్‌కి అందకపోతే డోర్‌నే కొద్దిగా పైకెత్తాలి. రాడ్‌ని ప్లయర్‌తో ఎప్పుడూ పట్టుకోకండి. మెరిసే ఆ పూత మీద ఒక్క గీత పడినా సీల్ ప్రతిసారీ దానికి రాసుకుని చిరుగుతుంది. పెయింటు, అండర్‌కోటింగ్ తుంపరలు పడినా అంతే.

మోటారుతో లేచే డిక్కీ డోర్లలో షాకర్ స్థానంలో స్పిండిల్ (మోటారుతో చాచుకునే, ముడుచుకునే గొట్టం) ఉంటుంది. దాని గొట్టంలో బలమైన స్ప్రింగు నొక్కి ఉంటుంది కాబట్టి విప్పకూడదు, మొత్తంగా మార్చాలి. డోర్ తెరుచుకున్నాక దానంతట అదే కొద్దిగా దిగుతుంటే స్పిండిల్ అలిసిందని అర్థం. బటన్ నొక్కడం ఆపి మెకానిక్‌కి చూపించండి.

స్లైడింగ్ డోర్లు, లారీ తలుపులు, బానెట్

స్లైడింగ్ డోర్ వెనక్కి వెళ్లాక కింది పట్టాల చివర ఒక కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. ముందుభాగం కిందికి ఉన్న వాలులో డోర్ బరువంతా ఆ కొక్కెం మీదే. కాబట్టి అలాంటి వాలులోనే, ఎవరూ గుమ్మంలో లేనప్పుడు పరీక్షించాలి. డోర్ పూర్తిగా తెరిచి, టక్కుమన్నాక హ్యాండిల్ ముట్టుకోకుండా అంచుని ముందుకి నెట్టండి. కదిలితే ముందు పట్టాల్లో ఇరుక్కున్న రాళ్లు, మట్టి పొడి బ్రష్‌తో తీయండి, చాలాసార్లు డోర్ చివరిదాకా వెళ్లకుండా అడ్డుపడేది అదే. అయినా పట్టకపోతే కొక్కెం అంచు గుండ్రంగా అరిగింది, లేదా హ్యాండిల్ నుంచి వచ్చే కేబుల్ బిగుసుకుని కొక్కేన్ని సగం ఎత్తి ఉంచుతోంది.

వ్యాన్లు, లారీల వెనక తలుపులు బండి పక్కకి తిరిగి ఆనుకునేంత తెరిచినప్పుడు కొక్కేనికో గొలుసుకో తగిలించాకే చేయి వదలాలి. అయస్కాంతంతో పట్టే వాటిని గాలి ఊడదీయగలదు. కొక్కెం తీసేటప్పుడు రెండో చేత్తో తలుపుని పట్టుకుని ఉండండి. తలుపుకీ బాడీకీ మధ్య, తలుపుకీ గోడకీ మధ్య నిలబడకండి.

బానెట్ స్టే రాడ్‌ని దానికోసం చేసిన రంధ్రంలోనే పెట్టాలి, పక్క రంధ్రాలు ఆ బరువుకి చేసినవి కావు. రాడ్ అడుగు రబ్బరు బుష్ పోతే గాలికి బానెట్ లేచి రాడ్ జారుతుంది, బుష్ వెంటనే వేయండి.

షాకర్ ఉన్న డోర్ కింద పనిచేయాల్సి వస్తే

లాకింగ్ గొట్టం లేని షాకర్‌కి అలాంటిది మీరే తయారుచేసుకోవచ్చు. డోర్ పూర్తిగా తెరిచి, బయటికి కనిపించే రాడ్ పొడవు కొలవండి. దానికన్నా 2 మి.మీ. తక్కువ పొడవున్న అల్యూమినియం గొట్టం తీసుకోండి. లోపలి వ్యాసం రాడ్ కన్నా కొంచెం ఎక్కువ, షాకర్ గొట్టం బయటి వ్యాసం కన్నా తక్కువ ఉండాలి. 8 మి.మీ. రాడ్, 18 మి.మీ. గొట్టం ఉన్న షాకర్‌కి 10 నుంచి 12 మి.మీ. సరిపోతుంది. పొడవునా 9 మి.మీ. చీలిక కోసి, అంచులు నున్నగా అరగదీసి, లోపల టేపు అంటించండి, రాడ్ మీద గీతలు పడకూడదు. రాడ్ మీద తొడిగితే ఒక చివర షాకర్ గొట్టానికి, మరో చివర కప్పు మెడకు ఆనాలి. జారిపోకుండా వెల్క్రో పట్టీతో చుట్టి, రెండు వైపులా ఒక్కొక్కటి పెట్టండి. దానికి ఎర్రగుడ్డ కట్టి, గుడ్డ చివర తాళం దగ్గరి దాకా వేలాడేలా వదలండి. అది తీయకుండా ఎవరైనా డోర్ మూయబోతే మొదట వంగేది హింజ్ కాబట్టి, ఆ గుడ్డ మూసే మనిషి చేతికి తగిలేలా ఉండాలి.