డీజిల్ మోటార్‌హోమ్ ఇంధన వ్యవస్థ: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అమెరికాలో ‘డీజిల్ పుషర్’ అని పిలిచే మోటార్‌హోమ్‌లలో (ఇల్లులా అమర్చిన బండ్లలో) ఇంజన్ బండి వెనుక ఉంటుంది. ఇంధన ట్యాంకు మాత్రం చాలా మోడళ్లలో ముందు ఇరుసు దగ్గర ఉంటుంది. అందువల్ల ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి ఇంజన్‌కు అందించే, వెనుకనున్న లిఫ్ట్ పంపు దాదాపు బండి పొడవునా సాగే గొట్టం గుండా డీజిల్‌ను పీల్చుకోవలసి వస్తుంది. పైగా ఈ బండి లారీలాగా రోజూ తిరగదు. చలికాలమంతా కదలకుండా నిలిచిపోతుంది. 100 గ్యాలన్ల ట్యాంకులో పోసిన డీజిల్ ఒక్కోసారి ఏడాది గడిచినా అయిపోదు. ఇంధన సమస్యలలో ఎక్కువ భాగం ఈ రెండింటి నుంచే, అంటే పొడవైన గొట్టం నుంచి, నిలవ ఉన్న డీజిల్ నుంచి పుడతాయి. కనుక వేల డాలర్ల ఖరీదు చేసే హై ప్రెషర్ పంపును అనుమానించే ముందు ట్యాంకు, గొట్టాలు, ఫిల్టర్లు సరిగా ఉన్నాయని రుజువు చేసుకోవాలి.

రాత్రి ఆపిన బండి పొద్దున ఒక పట్టాన స్టార్టు కాకపోవడం

సాయంత్రం చక్కగా నడిచిన ఇంజన్ మర్నాడు చాలాసేపు తిప్పితే గాని అందుకోకపోవడం, అందుకున్నాక కాసేపు తడబడుతూ తెల్లని పొగ వదలడం, ఆ తరువాత రోజంతా ఏ ఇబ్బందీ లేకుండా నడవడం ఈ సమస్య లక్షణాలు. గొట్టంలోకి గాలి చొరబడడం వల్ల, రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోవడం వల్ల ఇలా జరుగుతుంది.

ఈ లోపాన్ని పట్టుకోవడం కష్టం. లిఫ్ట్ పంపుకు ముందున్న గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి, పగులు ఉన్నచోట డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. నేల మీద ఒక్క చుక్క కూడా కనిపించదు గనుక చాలామంది గొట్టాన్ని అనుమానించనే అనుమానించరు. దీనికి నమ్మకమైన పరీక్ష ఒకటుంది. మొదటి ఫిల్టరుకు, లిఫ్ట్ పంపుకు నడుమ డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన గొట్టం ముక్కను తాత్కాలికంగా బిగించి, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. స్టార్టు చేసిన కొద్దిసేపటి తరువాత కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి చొరబడుతున్నట్లే.

అది ఎక్కడ చొరబడుతున్నదో తేల్చడానికి రెండో పరీక్ష చేయాలి. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని విప్పి పక్కన పెట్టి, ఇంజన్ దగ్గరే శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, అందులో నుంచి చిన్న గొట్టంతో ఇంజన్‌ను నడపాలి. ఇంజన్ వాడగా మిగిలి ట్యాంకుకు తిరిగి వెళ్లే డీజిల్ గొట్టాన్ని కూడా చూసుకోవాలి. డబ్బాతో సమస్య మాయమైతే లోపం ముందువైపు, అంటే పొడవాటి గొట్టంలోనో ట్యాంకులోనో ఉంది. మాయం కాకపోతే ఫిల్టరు రబ్బరు రింగు, నీరు వదిలే కుళాయి, పంపు సీళ్లు చూడాలి. గరాజు వారు కొత్త పంపు వేయాలని అన్నప్పుడు ఈ పరీక్ష చేశారా అని అడగడం బండి యజమాని హక్కు.

పాత బండ్లలో గొట్టాలు పాడవడానికి మరో కారణం ఉంది. అమెరికాలో రహదారి డీజిల్‌లో గంధకాన్ని 2006 నుంచి 15 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 15 పాళ్లకు) తగ్గించారు. ఈ మార్పుతో డీజిల్ తయారీ పద్ధతి మారి, అంతకుముందు తయారైన నైట్రైల్ రబ్బరు సీళ్లు, గొట్టాలు కొన్ని కుంచించుకుపోయి లీకయ్యాయి. పాత బండి కొన్నవారు ఈ గొట్టాలను ఒకేసారి మార్పించుకోవడం మంచిది. ఒక్కొక్క క్లాంపూ బిగించుకుంటూ పోతే ఎప్పటికీ తెమలదు.

ఎత్తు ఎక్కేటప్పుడు శక్తి తగ్గిపోవడం

చదును రోడ్డు మీద బాగానే నడిచే బండి కొండ దారిలో నీరసపడితే, ఇంజన్ అడిగినంత డీజిల్ అందడం లేదని అర్థం. మొదట ఫిల్టర్లు మార్చాలి. నడిచిన మైళ్లు తక్కువే కదా అని వాయిదా వేయకూడదు. నిలిచి ఉండే బండిలో ఫిల్టరును మైళ్ల లెక్కన గాక ఏడాదికొకసారి మార్చడమే సరైన పద్ధతి.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంజన్ మీదనున్న రెండో ఫిల్టరులో డబ్బాలోని డీజిల్‌ను పోసి బిగించకూడదు. ఆ ఫిల్టరు దాటిన ఇంధనం నేరుగా ఇంజన్‌లోకి డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్ల వైపు పోతుంది, కంటికి కనిపించని నలుసు కూడా వాటిని అరగదీస్తుంది. దాన్ని ఖాళీగానే బిగించి, గాలిని పంపు చేతనే తీయించాలి. విద్యుత్ లిఫ్ట్ పంపు ఉన్న చాలా కమిన్స్ కంపెనీ ఇంజన్లలో తాళాన్ని ఆన్‌లో పెడితే, ఇంజన్ తిరగకపోయినా, ఆ పంపు సుమారు అర నిమిషం నడిచి ఆగిపోతుంది. నాలుగైదుసార్లు ఇలా చేశాకే స్టార్టు చేయాలి. మిగతా వాటిలో ఫిల్టరు తలమీద చేతి పంపు ఉంటుంది. పాత ఇంజన్లలో చేసినట్లు ఇంజెక్టరు గొట్టాల నట్లు వదులు చేసి గాలి తీయడం, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అతి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే ‘కామన్ రైలు’ ఇంజన్లలో ప్రాణాపాయం. ఆ ఒత్తిడికి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. ఆ గొట్టాల వైపు లీకును చేత్తో తడమకుండా అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి.

ఫిల్టర్లు కొత్తవైనా, గంటా రెండు గంటలు నడిచాక శక్తి తగ్గి, కాసేపు ఆపితే మళ్లీ కోలుకుంటుంటే ట్యాంకుకు గాలి అందే వెంట్ మూసుకుపోయి ఉండవచ్చు. శక్తి తగ్గినప్పుడు మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి బాగుపడితే వెంట్ గొట్టాన్ని శుభ్రం చేయడంతో పని ముగుస్తుంది. దాంట్లో కందిరీగలు మట్టిగూడు కట్టడం సాధారణమే.

ట్యాంకులో డీజిల్ ఉండగానే జనరేటరో ఇంజనో ఆగిపోవడం

జనరేటరు మాత్రమే ఆగితే కంగారు పడనక్కరలేదు. అడవిలో చిక్కుకుపోకుండా ఉండేందుకు దాని పీల్చు గొట్టాన్ని కావాలనే పొట్టిగా అమరుస్తారు కనుక, ట్యాంకు పావు వంతుకు దిగేసరికి అది ఆగుతుంది. డీజిల్‌తో నడిచే హీటరు కూడా అంతే. డీజిల్ నింపి, ఓనాన్ కంపెనీ డీజిల్ జనరేటరైతే స్టాప్ మీటను కాసేపు నొక్కిపట్టి పంపును నడిపి, ఆ తరువాత స్టార్టు చేయాలి.

ప్రధాన ఇంజనే సగం ట్యాంకు దగ్గర ఆగుతుంటే లోపలి పీల్చు గొట్టం పగిలిందని గాని ఊడిందని గాని అనుకోవాలి. నిండుగా ఉన్నప్పుడు పగులు డీజిల్‌లో మునిగి ఉంటుంది కనుక ఏ లోపమూ కనబడదు. ట్యాంకు మీది అమరికను విప్పి ఆ గొట్టాన్ని మార్చడం తప్ప దీనికి వేరే దారి లేదు.

నీటి హెచ్చరిక దీపం, ఫిల్టరులో నల్లని జిగురు

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గోడల మీద తేమ పట్టి అడుగుకు చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో శిలీంధ్రాలు, బ్యాక్టీరియా పెరిగి, నల్లని తెట్టుగా ఫిల్టరును కప్పేస్తాయి. దీపం వెలగగానే బండి ఆపి, మొదటి ఫిల్టరు కింది కుళాయి తిప్పి, స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా నీటిని పాత్రలోకి వదలాలి. నీటిని డీజిల్‌లో కలిపేసే ఆల్కహాలు మందులను నేను వాడమనను. ఆ నీరు ఇంజెక్టరు కొనలను దెబ్బతీస్తుంది. తెట్టు కనబడితే డీజిల్‌కు ఉద్దేశించిన క్రిమినాశిని మోతాదు ప్రకారం పోయాలి. అయితే చచ్చిన తెట్టంతా కదిలి వచ్చి ఫిల్టర్లను వెంటవెంటనే మూసేస్తుంది కాబట్టి, అదనపు ఫిల్టర్లు బండిలో లేకుండా ఈ పనికి పూనుకోకూడదు. మడ్డి ఎక్కువగా ఉంటే ట్యాంకులోని డీజిల్‌ను బయటికి తీసి వడకట్టించాలి. బండిని చలికాలానికి నిలిపేముందు ట్యాంకు నిండా డీజిల్ పోయించి ఉంచితే తేమకు చోటుండదు.

గడ్డకట్టే చలిలో ఇంజన్ ఆగిపోవడం

హైదరాబాదులో ఎన్నేళ్లు డీజిల్ బండి నడిపినా ఈ సమస్య ఎదురుకాదు కనుక, అమెరికాకు వచ్చిన మనవారికి ఇది కొత్త. సాధారణ రెండో నంబరు డీజిల్‌లోని మైనం 15 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కల, ఒక్కో సరుకులో అంతకు ముందే, చలికాలపు నెయ్యిలాగా పేరుకోవడం మొదలుపెట్టి ఫిల్టరును మూసేస్తుంది. ఉత్తరాది బంకులు చలికాలంలో దానికి తగిన మిశ్రమాన్నే అమ్ముతాయి. ఫ్లోరిడాలోనో టెక్సస్‌లోనో ట్యాంకు నింపుకొని మిన్నెసోటాకు వెళ్లేవారు ఇరుక్కుపోతారు. దక్షిణాదిన తక్కువ పోయించుకొని, దారిలో ఉత్తరాది డీజిల్ కలుపుకుంటూ పోవాలి. బయోడీజిల్ పాలు ఎక్కువైతే ఇంకా ముందే పేరుకుంటుంది. 5 శాతం దాటితే బంకులోని పంపు మీద చీటీ ఉంటుంది, చదవండి. గడ్డకట్టకుండా చేసే మందు డీజిల్ పేరుకోకముందే పోయాలి. పేరుకున్నాక కరిగించడానికి వేరే మందు, కొత్త ఫిల్టరు, వెచ్చని షెడ్డు కావాలి. నిప్పుతో వేడి చేయకూడదు.

1998 నుంచి 2002 వరకు వచ్చిన కమిన్స్ ఐఎస్‌బీ ఇంజన్లు

వీటిలోని బాష్ వీపీ44 ఇంజెక్షన్ పంపుకు చల్లదనమూ నునుపూ డీజిలే ఇస్తుంది. లిఫ్ట్ పంపు బలహీనపడినా ఇంజన్ చాలాకాలం బాగానే నడిచి, ఒకరోజు ఖరీదైన వీపీ44 పాడవుతుంది. ముందుగా తెలిపే లక్షణం ఏదీ పెద్దగా ఉండదు కనుక, రెండు పంపుల నడుమ ప్రెషర్ గేజీ బిగించడమే రక్షణ. బరువు మీద కూడా 10 పీఎస్ఐ కంటే తగ్గనీయకూడదన్నది ఈ ఇంజన్లు ఎరిగినవారు పాటించే లెక్క.

ట్యాంకులో వేరేది పోయడం

డీజిల్ మూత పక్కనే డెఫ్ (పొగను శుద్ధి చేసే ద్రవం) మూత ఉన్న బండ్లలో, 32.5 శాతం యూరియా కలిసిన ఆ నీటిని డీజిల్ ట్యాంకులో పోయడం జరుగుతుంటుంది. డెఫ్ మూత నీలం రంగులో ఉంటుంది. పంపు పిడి రంగును మాత్రం నమ్మవద్దు. ఆకుపచ్చ పిడి చాలా బంకుల్లో డీజిల్‌కే అయినా, కొన్ని కంపెనీల బంకుల్లో పెట్రోలుకు కూడా ఉంటుంది. పొరపాటు జరిగితే తాళాన్ని ఆన్‌లో కూడా పెట్టకూడదు, ఎందుకంటే లిఫ్ట్ పంపు వెంటనే తిరిగి దాన్ని ఫిల్టర్ల దాకా లాగేస్తుంది. బండిని అక్కడి నుంచి లాగించుకుపోయి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి కడిగించాలి. అప్పటికే ఇంజన్ నడిచి ఉంటే గొట్టాలు, ఫిల్టర్లు, ఇంజెక్టర్లను కూడా పరీక్ష చేయించాకే మళ్లీ స్టార్టు చేయాలి.