కియాంతి క్లాసికో రుచి చూడటం ఎలా?

డ్రై, అంటే తీపి లేని, రెడ్ వైన్ తొలి గుక్కకే మొహం చిట్లించి "చేదు" అనేస్తారు. చాలాసార్లు అది చేదు కాదు, వగరు. ఆ తేడా నాలుకకు నేర్పాలంటే ఇటలీ కియాంతి క్లాసికో మంచి బడి.

సీసా: ఫ్లోరెన్స్, సియెనా మధ్య కొండల్లో చేసే వైన్ ఇది. మెడ మీద నల్ల కోడిపుంజు ముద్ర చూసుకోండి, ఉత్త 'కియాంతి' వేరు. సాంజొవేసె ద్రాక్ష కనీసం 80 శాతం ఉండాలి, మిగతాది వేరే నల్ల ద్రాక్షలు. 24 నెలలు మాగబెట్టే రిజెర్వా ఇప్పుడే వద్దు, మామూలు రకమే కొనండి.

చల్లదనం: 16 నుంచి 18 డిగ్రీలు. 'గది వేడిలోనే తాగాలి' అన్న మాట యూరప్ చలి ఇళ్లలో పుట్టింది. హైదరాబాద్ ఎండాకాలానికి అది పనికిరాదు, ఆల్కహాల్ ముక్కులో గుచ్చుతుంది. ఫ్రిజ్‌లో 40 నిమిషాలు ఉంచండి. మరీ చల్లబడితే వగరు మొరటుగా తేలుతుంది. ఐసుముక్కలు వేసేవాళ్లకు ఈ వ్యాసం అక్కర్లేదు.

గ్లాసులో 60 మిల్లీలీటర్లు చాలు. తిప్పి వాసన చూడండి: పుల్లటి చెర్రీ, వయొలెట్ పూలు, ఎండిన ఆకులు, టీపొడి. పళ్ల వాసన వచ్చింది కదా అని తీపి ఉందనుకోవద్దు, మిగిలిన చక్కెర లీటరుకు 4 గ్రాములు దాటదు. తడిసిన అట్టపెట్టె వాసన కొడితే కార్క్ చెడగొట్టినట్టు, ఆ సీసా వదిలేయండి.

ఇక అందరూ తప్పే చోటు. చిన్న గుక్క తీసుకుని, అయిదు సెకన్లు నోరంతా తిప్పి, మింగండి. వెంటనే తీర్పు చెప్పకండి, ఇంకో గుక్కా తాగకండి. పది సెకన్లు ఆగండి.

నాలుక పక్కల నీరూరితే అది పులుపు. చింతకాయ తలచుకుంటే జరిగేదే. చిగుళ్లు, పెదవుల లోపలి వైపు బిగుసుకుని గరుకుగా అనిపిస్తే వగరు, పచ్చి అరటికాయ కొరికినట్టు. ద్రాక్ష తొక్కల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోటి జారుడుతనం పోతుంది. అసలు చేదు నాలుక వెనక నిలిచిపోతుంది, నోటిని ఎండబెట్టదు. షడ్రుచుల్లో వగరును విడిగా లెక్కపెట్టిన భాష మనది, అయినా ఈ మూడింటినీ కలిపేస్తాం.

అనుమానంగా ఉంటే పాలు కలపని, చిక్కటి, చల్లారిన టీ ఒక గుక్క తాగి పోల్చండి. పళ్లు తోమిన వెంటనే మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. పేస్టు పులుపునూ చేదునూ తారుమారు చేస్తుంది.

సాంజొవేసెకు పులుపూ వగరూ రెండూ ఎక్కువే, రంగు పలుచన. వేరే ద్రాక్షలు కలపడం అందుకే. కనైయోలో ద్రాక్ష ఆ మొరటుదనాన్ని తగ్గిస్తుందని కియాంతి ద్రాక్షతోటల యజమాని బెత్తీనో రికాసోలి 1872లోనే ఉత్తరంలో రాశాడు. కొలొరీనో ద్రాక్ష రంగు పెంచుతుంది, మెర్లో ద్రాక్ష నునుపు చేస్తుంది. ఇంకులా నల్లగా కనిపిస్తే కాబెర్నే ద్రాక్ష కలిసిందేమో అనుమానించండి. రికాసోలి మిశ్రమంలో తెల్ల ద్రాక్ష మల్వాసియా కూడా ఉండేది, 2006 పంట నుంచి క్లాసికోలో తెల్ల ద్రాక్ష నిషిద్ధం. మంచి పనే.

రెండో గుక్కకు ముందు ఉప్పగా ఉన్న పెకొరీనో చీజ్ ముక్కో, కారం తక్కువ వేసిన మటన్ వేపుడో తినండి, వగరు మెత్తబడుతుంది. ఆవకాయ జోలికి పోకండి. కారానికి ఆల్కహాల్ మంట తోడై చెర్రీ రుచి మాయమవుతుంది. మిగిలింది బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో ముగించండి.