సైకిల్ రేసు ఫొటోలు ఎందుకు చెడుతున్నాయి? చిన్న మిర్రర్‌లెస్ కెమెరాతో వచ్చే చిక్కులు, వాటికి విరుగుళ్లు

రేసు అయిపోగానే చెడిన ఫొటోలను కెమెరాలోనే చెరిపేసే అలవాటుంటే మానుకోండి. లోపం ఎక్కడుందో చెప్పగలిగేవి అవే. కంప్యూటర్‌లో ఒక్కోదాన్ని నూరు శాతానికి పెంచి చూడండి. రోడ్డూ కంచే స్పష్టంగా ఉండి సైక్లిస్టు మాత్రం పక్కకు సాగినట్టుంటే షట్టర్ వేగం చాలలేదు. వెనకనున్న జనం స్పష్టంగా ఉండి, సైక్లిస్టు అన్ని వైపులా సమానంగా మసకబారితే ఫోకస్ తప్పింది. ఫ్రేములో ఉన్నదంతా ఒకే దిశలో చెరిగిపోతే కదిలింది కెమెరా. ఈ మూడు జబ్బులకూ మందులు వేరు. మూడింటినీ కలిపి ‘క్లారిటీ లేదు’ అని తేల్చేసి ఖరీదైన లెన్స్ వైపు చూసేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు అసలు చికిత్స మెనూలోనే ఉంటుంది.

సైక్లిస్టులు పక్కకు సాగినట్టు పడుతున్నారు

స్ప్రింట్‌లో సైకిల్ వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. 1/250 సెకను షట్టర్ తెరుచుకుని మూసుకునేలోపు ఆ సైకిల్ సుమారు 7 సెంటీమీటర్లు జరుగుతుంది. 1/1000 వద్ద 2 సెంటీమీటర్లకు లోపే. కెమెరాను పూర్తి ఆటోలో వదిలేస్తే అది నిలబడిన మనిషిని తీస్తున్నట్టే లెక్కవేసి, తరచూ 1/250 దగ్గరే ఆగిపోతుంది.

షట్టర్ వేగాన్ని మీరే నిర్ణయించే మోడ్‌లోకి మారండి. మీ ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయేవారికి 1/1600, ఏటవాలుగా వచ్చేవారికి 1/1000, నేరుగా మీ వైపు వచ్చేవారికి 1/640తో మొదలుపెట్టండి. ఎదురుగా వచ్చేటప్పుడు ఫ్రేములో పక్కకు కదలిక తక్కువ కాబట్టి ఆ సడలింపు. ఎత్తు ఎక్కేచోట 1/500 కూడా సరిపోతుంది. ఐఎస్ఓను (వెలుగుకు సెన్సార్ ఎంతగా స్పందించాలో చెప్పే అంకెను) ఆటోకు వదిలేయండి. మంచి ఎండలో ఎఫ్/8 (లెన్స్ తెరుపు, అంకె పెరిగితే తెరుపు తగ్గుతుంది), 1/1600 పెట్టినా ఐఎస్ఓ 400 దగ్గరే ఉంటుంది. మబ్బు పడితే 1600కు, 3200కు పోతుంది, పోనివ్వండి. నాయిస్‌ను (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలను) తర్వాత తగ్గించుకోవచ్చు, చెరిగిపోయిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా తిరిగి తేలేదు.

ఫోకస్ వెనకున్న జనం మీద పడుతోంది

చిన్న కెమెరాలతో ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. దీనికి కారణాలు కూడా ఒకటికి మించి ఉంటాయి.

మొదట ఫోకస్ మోడ్ చూడండి. ఒక్కసారి ఫోకస్ చేసి అక్కడే తాళం వేసే మోడ్‌లో ఉంటే, మీరు సగం నొక్కిన క్షణానికీ షట్టర్ పడే క్షణానికీ మధ్య సైకిల్ ఆ చోటు దాటిపోతుంది. నిరంతరం ఫోకస్ మార్చుకునే మోడ్‌కు మార్చండి.

అప్పటికీ తప్పుతుంటే అనుమానించాల్సింది ముఖాలను గుర్తుపట్టే సౌకర్యాన్ని. మామూలు రోజుల్లో అది వరం. రేసులో మాత్రం సైక్లిస్టు హెల్మెట్, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తల వంచుకుని ఉంటారు, కంచె అవతల ప్రేక్షకులు వందమంది నిండు ముఖాలతో కెమెరా వైపు చూస్తుంటారు. కెమెరా ఎవరిని ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు. దాన్ని ఆపేయండి. సైకిళ్లను గుర్తుపట్టే అమరిక మీ కెమెరాలో ఉంటే దాన్ని వాడండి. లేకపోతే ఫోకస్ ప్రాంతాన్ని మొత్తం ఫ్రేముకు కాకుండా, మధ్యలో చిన్న పెట్టెకు పరిమితం చేసి, ఆ పెట్టెను సైక్లిస్టు ఛాతీ మీద నిలపండి. జెర్సీ మీది అక్షరాలు ఫోకస్‌కు మంచి పట్టు ఇస్తాయి.

మూడో కారణం కెమెరా వయసు. కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) ఆధారంగా మాత్రమే ఫోకస్ చేసే పాత మోడళ్లు లెన్స్‌ను ముందుకూ వెనక్కూ ఆడించి చూసుకుంటే తప్ప తేల్చుకోలేవు. ఎదురుగా దూసుకొచ్చే సైకిల్‌ను అవి అందుకోలేవు, మెనూలో ఎంత వెతికినా లాభం లేదు. అలాంటప్పుడు ఆటోఫోకస్‌ను పక్కన పెట్టి, సైకిల్ ఎక్కడికి వస్తుందో అక్కడే ముందుగా కాచుకోవాలి. రోడ్డు మీద తెల్ల గీతో, అతుకో, మ్యాన్‌హోల్ మూతో చూసుకోండి. దాని మీద ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చండి. ఏపీఎస్-సి సెన్సార్ (చాలా చిన్న కెమెరాల్లో ఉండే మధ్య సైజు సెన్సార్) మీద 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8 వద్ద ఉంచి 10 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, సుమారు 6 మీటర్ల నుంచి 28 మీటర్ల వరకు ఆమోదయోగ్యమైన స్పష్టత ఉంటుంది. అదే లెన్స్‌ను ఎఫ్/2.8కి తెరిస్తే ఆ మేర 8 నుంచి 13 మీటర్లకు కుంచించుకుపోతుంది. సైకిల్ గీతను చేరడానికి కాస్త ముందే నొక్కడం మొదలుపెట్టండి. మంచి ఆటోఫోకస్ ఉన్న కెమెరాతో కూడా ముగింపు గీత దగ్గర నేను ఈ పాత పద్ధతికే ఓటు వేస్తాను.

నొక్కాను, కానీ ఫ్రేములో ఖాళీ రోడ్డే ఉంది

వ్యూఫైండర్‌లో మీరు చూసేది కాస్త వెనకటి క్షణం. సెన్సార్ నుంచి బొమ్మ తెర మీదికి రావడానికి కొంత సమయం, మీ వేలు కదలడానికి మరికొంత. తెర రిఫ్రెష్ వేగాన్ని మెనూలో పెంచుకుంటే కొంత తేడా వస్తుంది. కెమెరా నిద్రపోతే లేచేసరికి గుంపు మలుపు తిరిగిపోతుంది, కాబట్టి నిద్రపోయే వ్యవధిని పెంచండి, రేసు ముందు వచ్చే వాహనాల సైరన్లు వినబడగానే షట్టర్‌ను సగం నొక్కి మేల్కొలపండి. దీనికి మూల్యం బ్యాటరీ. చిన్న కెమెరాల బ్యాటరీ త్వరగా అడుగంటుతుంది, జేబులో రెండోది తప్పనిసరి.

బర్స్ట్ (వేలు అదిమి ఉంచితే వరసగా ఫొటోలు తీయడం) విషయంలో ఒక అపోహ. సెకనుకు 10 ఫ్రేములు తీసినా, 60 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ రెండు ఫ్రేముల మధ్య దాదాపు తన పొడవంత దూరం దాటుతుంది. టైరు సరిగ్గా గీతను తాకే క్షణం ఆ సందులో జారిపోవచ్చు. కాబట్టి బర్స్ట్ ఉందన్న ధీమాతో ఆలస్యంగా నొక్కడం పనికిరాదు. పైగా కొన్ని కెమెరాల్లో అత్యధిక బర్స్ట్ వేగంలో తెర మీద ఇప్పుడు జరుగుతున్నది కాక, అప్పుడే తీసిన ఫొటోలు వరసగా కనిపిస్తాయి. వాటిని చూస్తూ కెమెరా తిప్పితే సైక్లిస్టు ఫ్రేము అంచుకు పోతారు. ఒక మెట్టు తగ్గించి మధ్య వేగం పెడితే ఫ్రేముల మధ్య నిజమైన దృశ్యం కనిపిస్తుంది. ఫొటోలు తగ్గినా పనికొచ్చేవి పెరుగుతాయి.

చక్రాలు కోడిగుడ్డు ఆకారంలో వస్తున్నాయి, స్తంభాలు ఒరిగిపోతున్నాయి

ఇది ఎలక్ట్రానిక్ షట్టర్ పని. శబ్దం లేదు కదా అని చాలామంది దాన్నే ఉంచేస్తారు. మామూలు సెన్సార్ బొమ్మను ఒక్కసారిగా చదవదు, వరస తర్వాత వరస చదువుతుంది. నెమ్మదైన సెన్సార్లలో మొత్తం ఫ్రేము చదవడానికి 1/20 సెకను వరకు పట్టవచ్చు. ఆ వ్యవధిలో మన 60 కిలోమీటర్ల సైకిల్ 80 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. పై వరసలు చదివినప్పుడు ఒకచోట, కింది వరసలు చదివినప్పుడు ఇంకోచోట ఉంటుంది. మీరు సైకిల్‌తో పాటు కెమెరాను తిప్పితే సైకిల్ బాగానే వచ్చి వెనకున్న స్తంభాలు ఒరుగుతాయి.

ఇక్కడ షట్టర్ వేగాన్ని 1/4000కు పెంచినా ఫలితం శూన్యం. అది ఒక్కో వరస ఎంతసేపు వెలుగు చూడాలో చెబుతుందే తప్ప, మొత్తం ఫ్రేము చదివే వేగాన్ని మార్చదు. మెకానికల్ షట్టర్‌కు మారడమే విరుగుడు. ఇండోర్ వెలోడ్రోమ్‌లో (పైకప్పు ఉన్న సైకిల్ రేసు ట్రాక్‌లో) ఫొటోల మీద అడ్డంగా చీకటి చారలు పడినా మొదటి చికిత్స ఇదే. అక్కడి దీపాలు కరెంటుతో పాటు సెకనుకు 100 లేదా 120 సార్లు మిణుకుతుంటాయి. మెకానికల్‌కు మార్చాకా చారలు పోకపోతే ఫ్లికర్ తగ్గించే అమరికను ఆన్ చేయండి.

కీలక క్షణంలో కెమెరా మొరాయించింది

బఫర్ (కార్డులోకి చేరేలోపు ఫొటోలు ఆగే కెమెరా తాత్కాలిక మెమరీ) నిండింది. ఒక్కో రా ఫైలు (సెన్సార్ ఇచ్చిన ముడి ఫైలు) 25 ఎంబీ అనుకుంటే, సెకనుకు 10 ఫ్రేములకు 250 ఎంబీ పుడుతుంది. కార్డు మీద వీ30 అని ఉంటే అది హామీ ఇచ్చే రాత వేగం సెకనుకు 30 ఎంబీ మాత్రమే. వీ60, వీ90 కార్డులు మెరుగే కానీ, మీ కెమెరా ఆ వేగాన్ని అందుకోగలదో లేదో ముందు చూసుకోండి. చాలా చిన్న కెమెరాలు అందుకోలేవు, డబ్బు దండగ. రేసు వరకు జేపెగ్‌లో తీయడం, గుంపు వస్తున్నంతసేపూ వేలు అదిమి ఉంచకుండా చిన్న చిన్న విడతలుగా నొక్కడం ఖర్చులేని మార్గాలు.

ముఖాలు నల్లగా పడుతున్నాయి

హెల్మెట్ నీడ, వెనక తెల్లటి ఆకాశం. కెమెరా ఆకాశాన్ని కాపాడబోయి ముఖాన్ని వదిలేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను +0.7 లేదా +1కి పెంచండి. వీలైతే ఆకాశం కాక చెట్లో గోడో వెనకుండే వైపుకు మారండి.

అంతా స్పష్టమే, కానీ సైకిల్ ఆగి ఉన్నట్టుంది

1/4000 వద్ద స్పోకులు కూడా లెక్కపెట్టవచ్చు. సరిగ్గా అందుకే ఆ ఫొటోలో ప్రాణం ఉండదు. దొర్లే చక్రంలో నేలను తాకే బిందువు ఆ క్షణానికి కదలదు, చక్రం పైఅంచు సైకిల్ వేగానికి రెట్టింపుతో ముందుకు పోతుంది. అందువల్ల 1/500 ప్రాంతంలో ఏటవాలుగా తీస్తే మనిషి నిలకడగా ఉండి, చక్రం పైభాగంలో స్పోకులు మంచులా కరుగుతాయి. కంటికి వేగం తెలిసేది అక్కడే.

ఇంకా కావాలంటే పానింగ్, అంటే సైకిల్‌తో పాటు కెమెరాను తిప్పుతూ తీయడం. 1/60తో మొదలుపెట్టండి. పాదాలను సైకిల్‌ను తీయబోయే చోటి వైపు నిలిపి, నడుము మాత్రమే తిప్పుతూ దూరం నుంచే వెంబడించండి, షట్టర్ పడ్డాక కూడా తిప్పడం ఆపకండి. ఫలితంలో చెరుపు కిందికీ మీదికీ ఉంటే మీ తిప్పుడు సమంగా లేదు. పక్కకు చెరిగితే సైకిల్ వేగం మీకు అందలేదు. ముఖం స్పష్టంగా ఉండి వెనక చక్రం చెరిగితే మీరు వైడ్ లెన్స్‌తో మరీ దగ్గర నిలబడ్డారు. రెండడుగులు కాదు, పది అడుగులు వెనక్కి వెళ్లి జూమ్ చేయండి. స్టెబిలైజేషన్‌లో (చేతి వణుకును సర్దే అమరికలో) పానింగ్ మోడ్ ఉంటే దానికి మార్చండి, లేకపోతే ఆపేసి ఒకసారి ప్రయత్నించండి. వ్యూఫైండర్ లేని కెమెరా అయితే మెడ పట్టీని బిగుతుగా లాగి పట్టుకోండి, చేతుల వణుకు చాలావరకు తగ్గుతుంది.

తెరపై దూరంగా కనిపించారు, కళ్లెత్తేసరికి మీద పడ్డారు

వైడ్ లెన్స్ తెర మీద దూరాలను సాగదీస్తుంది. పది మీటర్లలో ఉన్న సైక్లిస్టు ఇంకా చాలా దూరంలో ఉన్నట్టు చిన్నగా కనిపిస్తారు. 1994 టూర్ డి ఫ్రాన్స్ మొదటి స్టేజ్ ముగింపులో, ఆర్మాంతియేర్ పట్టణంలో కాపలా పోలీసు ఒకరు ఫొటో కోసం ముందుకు వచ్చారు. పూర్తి వేగంలో ఉన్న సైక్లిస్టు విల్‌ఫ్రీడ్ నెలిస్సెన్ ఆయన్ను ఢీకొట్టాడు, మరో సైక్లిస్టు లారాన్ జలాబేర్ కూడా పడిపోయాడు. 1999 టూర్‌లో ఆల్ప్ దూయెజ్ ఎత్తు మీద, ముందంజలో ఉన్న జుసెప్పె గెరీనీని రోడ్డు మధ్య నిలబడి ఫొటో తీస్తున్న ప్రేక్షకుడు పడేశాడు. గెరీనీ లేచి ఆ స్టేజ్ గెలిచాడు కాబట్టి సరిపోయింది.

కంచె ఉన్నచోట లెన్స్ కూడా కంచె గీత దాటకూడదు. కంచె లేనిచోట మలుపు లోపలి అంచున నిలబడకండి, గుంపు అటే ఒరుసుకుంటూ వస్తుంది. మలుపు బయటి అంచూ వద్దు, అదుపు తప్పినవారు అటే వస్తారు. మలుపు దాటాక తిన్నగా సాగే రోడ్డు పక్కన, వెనక్కి అడుగు వేసే జాగా చూసుకుని నిలబడండి. ఫ్లాష్‌ను పూర్తిగా ఆపేయండి. తెరను చూస్తున్నంతసేపూ రెండో కన్ను తెరిచే ఉంచండి.