మొండి చుండ్రును మెల్లగా అదుపులో పెట్టుకోవడం ఎలా?

నల్ల చొక్కా వేసుకుంటే భుజాల మీద పొట్టు కనబడుతుందని లేత రంగులే ఎంచుకునేవాళ్లు, నలుగురిలో కూర్చున్నప్పుడు తల గోక్కోవాలనిపించినా బిగబట్టుకునేవాళ్లు మన చుట్టూ బోలెడుమంది. వాళ్లకు సలహాలకేం కొదవ ఉండదు. నిమ్మచెక్క రుద్దమని ఒకరు, కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని ఇంకొకరు, తినే సోడా పట్టించమని మరొకరు. అన్నీ వరసపెట్టి చేసి, చివరికి మాడు ఎర్రగా మండుతుంటే చుండ్రు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వంటింట్లో దొరికేదంతా మృదువైనదనీ, మందుల షాపులో దొరికేదంతా ఘాటైనదనీ అనుకోవడంలోనే అసలు చిక్కంతా ఉంది. ఏ వస్తువైనా ఎంత గాఢంగా, ఎంతసేపు, ఎన్ని రోజులకోసారి వాడామన్న దాన్ని బట్టే మాడుకి హాయో, మంటో తేలుతుంది.

ఇది ఎందుకు వదలదు?

మనందరి తలమీదా మలసీజియా అనే ఈస్టు జాతి శిలీంధ్రం ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ చార్లెస్ మలసే 1874లో దీన్ని వర్ణించాడు; ఆయన పేరే 1889లో దానికి స్థిరపడింది. ఇది తనకు కావలసిన కొవ్వును తాను తయారు చేసుకోలేదు. మాడు మీద ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డును విరగ్గొట్టి తనకు పనికొచ్చింది తీసుకుని, ఒలీయిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. కొందరి చర్మానికి అది పడదు. అప్పుడు చర్మం కంగారుగా కొత్త పొరలు పుట్టిస్తుంది. మామూలుగా నెల రోజుల్లో నెమ్మదిగా, కంటికి కనబడకుండా రాలిపోవలసిన కణాలు చాలా ముందుగానే పైకి వచ్చేసి, ఒకదానికొకటి అంటుకుని పొట్టుగా రాలతాయి.

అంటే జిడ్డు, ఈస్టు, మన చర్మ తత్వం, ఈ మూడూ కలిస్తేనే చుండ్రు. మొదటి రెండింటినీ తగ్గించుకోవచ్చు, మూడోది మన చేతిలో లేదు. అందుకే ఇది పొలంలో కలుపు లాంటిది. ఒకసారి తీసి వదిలేస్తే మళ్లీ మొలుస్తుంది. శుభ్రంగా ఉండనివాళ్లకే వస్తుందనేది శుద్ధ అబద్ధం. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందన్నదీ నిజం కాదు, ఆ ఈస్టు ఎలాగూ అందరి తలల్లో ఉన్నదే. యుక్తవయసులో జిడ్డు గ్రంథులు చురుకందుకున్నప్పుడు మొదలై, చలికాలంలో, మానసిక ఒత్తిడి ఎక్కువైనప్పుడు పెరగడం మామూలే.

మొదటి అడుగు: అది చుండ్రేనా?

పగటి వెలుతురులో పాపిట తీసి ఎవరిచేతనైనా చూపించుకోండి. తెల్లగానో, పసుపుపచ్చగా జిడ్డుగానో పొట్టు లేస్తూ, కొంచెం దురదగా ఉంటే చుండ్రు అనుకోవచ్చు. కనుబొమ్మల్లో, ముక్కు పక్కల, చెవుల వెనక కూడా ఎర్రబడి పొట్టు లేస్తుంటే అది చుండ్రుకి పెద్దన్న లాంటి సెబోరిక్ డెర్మటైటిస్. దానికీ ఇవే పద్ధతులు పనికొస్తాయి, కాకపోతే డాక్టరు సాయం తొందరగా అవసరపడుతుంది.

వెండి రంగులో మందంగా పెచ్చులు కట్టి, జుట్టు అంచు దాటి నుదుటి మీదికి వస్తే, మోచేతుల మీద, మోకాళ్ల మీద కూడా అలాగే ఉంటే సోరియాసిస్ కావచ్చు. వెంట్రుకను పట్టుకుని వేలాడుతూ, దులిపితే రాలని తెల్లటి చుక్కలు ఈపులు. పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి, మిగిలిన వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్లచుక్కల్లా కనబడితే అది తామర. పైపూతలతో పోదు, కొన్ని వారాల పాటు కడుపులోకి మందు కావాలి. జుట్టుకు రంగు వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో దురద, వాపు మొదలైతే ఆ రంగును అనుమానించండి.

ఇంకొకటి కూడా చూడండి. శీకాయ పొడి, మెంతి ముద్ద, గోరింటాకు సరిగా కడగకపోతే ఎండిన నలకలు అచ్చం చుండ్రులాగే రాలతాయి. ఉన్న చుండ్రు చాలక, లేనిదాన్ని కూడా మనమే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

రెండో అడుగు: కొన్ని ఆపేయండి

ఏదీ కొత్తగా మొదలుపెట్టకుండా ఒక వారం మాడుకి విశ్రాంతి ఇవ్వండి. నిమ్మరసం బాగా పుల్లటిది, గోకిన గాట్ల మీద పడితే భగ్గుమంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి మచ్చలు పడే ప్రమాదం కూడా ఉంది. తినే సోడా దానికి పూర్తిగా ఎదురు గుణం, క్షారం. మాడు కొంచెం ఆమ్ల గుణంతో ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది కాబట్టి దాన్నీ పక్కన పెట్టండి. పేల దువ్వెనతో పొట్టు గీకడం, గోళ్లతో పెచ్చులు లేపడం అస్సలు వద్దు. గీకినకొద్దీ చర్మం ఇంకా వేగంగా పొరలు పుట్టిస్తుంది.

ఇక నూనె సంగతి. ఇక్కడ చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు కోపం వస్తుందని తెలుసు. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని తలకు నూనె పెట్టడం మనకు ప్రేమతో ముడిపడిన పని. దాన్ని కాదనమని నేను అనను. వెంట్రుకకు నూనె మంచిదే, ముఖ్యంగా కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి దాన్ని కాపాడుతుంది. కానీ మలసీజియా సాధారణంగా 11 నుంచి 24 కార్బన్ల పొడవున్న కొవ్వు ఆమ్లాల మీద బతుకుతుంది. కొబ్బరినూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లానికి 12 కార్బన్లు. నువ్వుల నూనె, ఆముదం, ఆవనూనె, ఇవన్నీ కూడా ఆ హద్దులోకే వస్తాయి. కాబట్టి జిడ్డు చుండ్రు ఉన్న మాడుకి రాత్రంతా నూనె నానబెట్టడం తగదు. నూనె పెట్టుకోవాలనిపిస్తే జడ పొడవుకు, కొసలకు రాసుకోండి. మాడు మరీ బిగుసుకుపోయి ఎండినట్టుంటే తలంటుకి అరగంటో గంటో ముందు కొద్దిగా రాసి పూర్తిగా కడిగేయండి.

కర్పూరం విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. పసిపిల్లలున్న ఇంట్లో కర్పూరం కలిపిన నూనె వద్దు. కొంచెం కడుపులోకి పోయినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. వేపనూనె కూడా పసివాళ్ల నోట్లో పడితే ప్రమాదమే.

మూడో అడుగు: తలంటు పద్ధతి

పదిహేను రోజులకోసారి తలస్నానం చేస్తూ చుండ్రు తగ్గలేదని బాధపడితే లాభం లేదు. జిడ్డు తలకు వారానికి రెండు మూడు సార్లు మామూలు మృదువైన షాంపూతో కడగడం అవసరం. జుట్టు బాగా పొడిగా, గిరజాలుగా ఉన్నవాళ్లకు వారానికి ఒకసారి సరిపోవచ్చు. తరచుగా కడిగితే జుట్టు ఊడిపోతుందని భయపడకండి. కడిగేటప్పుడు చేతిలోకి వచ్చేవి ఎలాగూ రాలవలసిన వెంట్రుకలే.

నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. మరగకాచిన నీళ్లు పోసుకుంటే ఆ క్షణానికి దురద తీరినట్టుంటుంది గానీ, తరవాత రెట్టింపవుతుంది. గోళ్లతో కాకుండా వేళ్ల కొసలతో రుద్దండి. బోరు నీళ్లు బాగా చవుడైతే సబ్బు నురగ రాక, తెల్లటి తెట్టు జుట్టులో మిగిలిపోతుంది. చివరి రెండు చెంబులకైనా మంచినీళ్లు దొరికితే వాటితో కడగండి.

కుంకుడుకాయ అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు. జిడ్డు చక్కగా వదులుతుంది. కానీ చిక్కటి రసం మాడుని ఎండగొడుతుంది కాబట్టి పలచగా చేసుకుని, పలచటి గుడ్డలో వడకట్టి వాడండి.

నాలుగో అడుగు: ఇంటి వైద్యంలో ఏది పనికొస్తుంది?

ఏది మొదలుపెట్టినా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడండి. ఒకసారికి ఒక్కటే. మూడు కలిపి రాస్తే ఏది మేలు చేసిందో, ఏది దద్దురు తెచ్చిందో తెలియదు.

నాకు అన్నిటికన్నా నమ్మకమైనది కలబంద. మట్టను కోసి నిలువుగా కాసేపు పెడితే పసుపుపచ్చటి పాలు కారిపోతాయి. దురద పెట్టేది అదే. తరవాత పైతోలు తీసి, కడిగి, లోపలి గుజ్జు మాత్రమే మాడుకి రాసి అరగంటకు కడిగేయండి. మంట చల్లారుతుంది, దురద తగ్గుతుంది.

టీ ట్రీ నూనె గురించి చాలామంది వినే ఉంటారు. ఆస్ట్రేలియాలో 126 మంది మీద జరిగిన ఒక పరీక్ష 2002లో అచ్చయింది. 5 శాతం టీ ట్రీ నూనె కలిపిన షాంపూ నాలుగు వారాలు వాడినవాళ్లలో చుండ్రు 41 శాతం తగ్గితే, ఆ నూనె లేని షాంపూ వాడినవాళ్లలో 11 శాతమే తగ్గింది. మందు షాంపూలంత బలమైనది కాకపోయినా, ఇంటి వైద్యాల్లో ఇంత ఆధారం ఉన్నవి తక్కువ. అయితే సీసాలోని నూనెను నేరుగా మాడుకి రాయకండి, చర్మం పొక్కుతుంది. తయారుగా దొరికే షాంపూనే కొనుక్కోండి.

తేనెకూ ఒక చిన్న పరీక్ష ఉంది. 30 మంది సెబోరిక్ డెర్మటైటిస్ రోగులకు 2001 నాటి ఆ పరీక్షలో గోరువెచ్చటి నీళ్లు కొంచెం కలిపిన తేనెను రోజు విడిచి రోజు రాసి మూడు గంటలు ఉంచారు. దురద, పొట్టు తగ్గాయి. పని చేస్తుంది కానీ, మూడు గంటలు తేనె తలతో కూర్చునే ఓపిక, తీరిక ఉన్నవాళ్లకే అది.

రాత్రి నానబెట్టిన మెంతులు మెత్తగా రుబ్బి పెట్టుకుంటే జిగురు వల్ల మాడు చల్లగా, మెత్తగా ఉంటుంది. పెరుగూ అంతే. ఇవి ఉపశమనానికే, ఈస్టును అణచేస్తాయని ఆశపడకండి. వేపాకు కాచిన నీళ్లు పలచగా చేసి చివర పోసుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది.

అయిదో అడుగు: మందు షాంపూ

నాలుగు వారాలు ఓపిగ్గా చేసినా పొట్టు ఆగకపోతే మందు షాంపూకి వెళ్లండి. వెళ్లడం ఓటమి కాదు. సరిగా వాడితే నిమ్మరసం కన్నా ఇదే మాడుకి సుఖం.

2 శాతం కెటోకోనజోల్ షాంపూ నేరుగా ఈస్టు మీద పని చేస్తుంది. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: రాసిన వెంటనే కడిగేస్తారు. మందు మాడు మీద మూడు నుంచి అయిదు నిమిషాలు నిలవాలి. పొడుగు జుట్టున్నవాళ్లు పాయలు పాయలుగా విడదీసి, వేళ్లతో మాడుకే పట్టించండి. జడ మొత్తానికీ రాస్తే మందు వృథా, జుట్టు గడ్డిలా ఎండుతుంది. కడిగాక కండిషనర్ కొసలకు రాసుకోవచ్చు.

జింక్ పైరిథియోన్ షాంపూలు కొంచెం తేలికపాటివి, మామూలు దుకాణాల్లోనూ దొరుకుతాయి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉంటున్నవాళ్లకు మాత్రం మామూలు దుకాణాల్లో అవి కనబడవు; 2022 మార్చి నుంచి అక్కడ సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించారు. సెలీనియం సల్ఫైడ్ వాడేటప్పుడు ఉంగరాలు, గొలుసులు, చెవిదుద్దులు తీసి పక్కన పెట్టండి, రంగు మారతాయి. నెరిసిన జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు కూడా అది మరక పట్టించవచ్చు. పెచ్చులు మందంగా ఉంటే ముందు శాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూతో వాటిని మెత్తబరిస్తే, తరవాతి మందు లోపలికి అందుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటిలో ఏది మొదలుపెట్టే ముందైనా డాక్టరును అడగాలి.

పొట్టు ఆగగానే సీసా అటక మీద పెట్టేయకండి. వారానికో, రెండు వారాలకో ఒకసారి అదే షాంపూ వాడుతూ, మిగతా రోజుల్లో మామూలుది వాడుకుంటే చుండ్రు తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. ఇందులో నెగ్గేదీ, ఓడేదీ ఈ కొనసాగింపు దగ్గరే. తడిజుట్టును ముడి వేయకుండా ఆరనివ్వడం, హెల్మెట్ లోపలి గుడ్డను ఉతకడం, చెమట పట్టిన రోజు తల కడుక్కోవడం కూడా కలిసొస్తాయి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

మందు షాంపూ నాలుగు వారాలు వాడినా మార్పు లేకపోతే, రసి కారుతుంటే, నొప్పి, వాపు ఉంటే, జుట్టు ఒకేచోట మచ్చలా ఊడుతుంటే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి ముఖం, ఛాతీ దాకా తీవ్రంగా పాకినా వెళ్లాలి. కొన్నిసార్లు రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల, నరాల జబ్బుల వల్ల కూడా అలా అవుతుంది. నెలల పాప మాడు మీద పసుపుపచ్చటి అట్టలు కడితే భయం వద్దు, అవి చాలామంది పిల్లల్లో వాటంతటవే పోతాయి. కొంచెం నూనెతో మెత్తబరిచి, పిల్లల షాంపూతో కడిగి, మెత్తటి బ్రష్షుతో తుడిస్తే చాలు. మందు షాంపూలు మాత్రం డాక్టరు చెప్పకుండా వాళ్లకు వాడకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు తలకు నూనె పెట్టుకోకండి. వీలైతే ఆ రోజు తలస్నానం కూడా చేయకుండా వెళితే పొట్టు ఎలా ఉందో ఆయనకు తెలుస్తుంది. ఇప్పటిదాకా వాడిన సీసాలు, జుట్టు రంగు ప్యాకెట్టుతో సహా సంచిలో వేసుకెళ్లండి. దురదకు లోషన్ రాసిస్తే అందులో స్టెరాయిడ్ ఉందా అని అడగండి. ఉంటే సరిగ్గా ఎన్ని రోజులు రాయాలో, ఎప్పుడు ఆపాలో చీటీ మీదే రాయించుకోండి. నెలల తరబడి రాస్తే మాడు చర్మం పలచబడిపోతుంది.