భూకంప హజార్డ్ మ్యాప్ చూసి ముందు ఏ భవనాలు తనిఖీ చేయించాలో తేల్చుకోవడం ఎలా?

భూకంప హజార్డ్ మ్యాప్ తెరవగానే చాలామంది తమ ఇల్లు ఎక్కడుందో వెతుకుతారు. దాని మీద ఎరుపు ఉంటే టెన్షన్ పడతారు, పసుపు ఉంటే ఫోన్ జేబులో పెట్టేస్తారు. ఈ రెండూ మ్యాప్ వాడటం కిందకు రావు. నేల ఎంత గట్టిగా ఊగొచ్చో మాత్రమే ఆ మ్యాప్ చెబుతుంది. ఆ ఊపుకు మీ భవనం ఆగుతుందా అన్నది దానికి తెలియదు. పెద్ద నగరంలో లక్షల భవనాలను ఒకేసారి పరీక్షించడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ముందు వేటిని చూడాలో ఒక జాబితా తయారు చేసుకోవాలి. మ్యాప్ అందుకు పనికొస్తుంది.

1. కావాల్సినవి

ఒక మామూలు ల్యాప్‌టాప్. మ్యాప్‌లను పొరలుగా పేర్చి చూడటానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్. ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ విడుదల చేసిన హజార్డ్ మ్యాప్, అది కూడా డేటా ఫైలుగా. నెట్‌లో దొరికే బొమ్మలో రంగులుంటాయి గానీ అంకెలుండవు, దాంతో మొదలుపెట్టొద్దు. భవనాలకూ రోడ్లకూ అందరూ కలిసి గీసే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సరిపోతుంది. నేల రకాల మ్యాప్ ఒకటి. చివరగా కాగితం, పెన్సిలు.

2. పొరలు పేర్చడం

అన్ని ఫైళ్లూ ఒకే కోఆర్డినేట్ పద్ధతిలో (స్థలాన్ని అంకెల్లో గుర్తించే పద్ధతి) ఉన్నాయో లేదో చూసి ఒకదాని మీద ఒకటి వేయండి. సరిగ్గా కూర్చున్నాయా అన్నది ఏదైనా వంతెన దగ్గర చూస్తే తెలిసిపోతుంది. వంతెన నదిని వదిలేసి పక్క వీధిలో తేలితే ఎక్కడో తేడా ఉన్నట్టే. మీ ఏరియా వరకు కత్తిరించుకోండి. పది నిమిషాల పని.

3. సూచిక చదవడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

ఈ మెట్టు దగ్గర ఆగండి. సూచిక అంటే మ్యాప్ పక్కన రంగులకూ అంకెలకూ అర్థం చెప్పే పెట్టె. మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా రంగుల వైపు చూడొద్దు.

మొదటిది, మ్యాప్ ఎంత సంభావ్యతకు గీసింది? "50 ఏళ్లలో 10 శాతం" అని రాసి ఉంటే, అక్కడ చూపించిన స్థాయిని మించిన ఊపు వచ్చే అవకాశం 50 ఏళ్లలో పదింట ఒకటి అన్నమాట. దీన్నే 475 ఏళ్ల ఆవృత్తి కాలం అంటారు. ఆ మాట వినగానే "పోయిన భూకంపం వచ్చి వందేళ్లే అయింది, ఇంకా 375 ఏళ్లు నిశ్చింత" అని లెక్కవేసే పెద్దమనుషులు ప్రతి సమావేశంలోనూ ఒకరుంటారు. భూమి క్యాలెండర్ చూసుకుని కదలదు. "50 ఏళ్లలో 2 శాతం" మ్యాప్ అయితే 2,475 ఏళ్ల లెక్క, అందులో అంకెలు సహజంగానే పెద్దవిగా ఉంటాయి. ఒక నగరానికి మొదటి రకం, ఇంకో నగరానికి రెండో రకం తీసుకుని పోల్చితే లెక్క మొత్తం తప్పుతుంది.

రెండోది, ఏ రకం ఊపు? పీజీఏ అంటే నేలకు కలిగే గరిష్ఠ త్వరణం. పొట్టి, బిరుసు కట్టడాలకు అది ఫర్వాలేదు. ఎత్తైన భవనాలకు మాత్రం 1 సెకను, 2 సెకన్లకోసారి వచ్చే ఊపును చూపే స్పెక్ట్రల్ మ్యాప్ కావాలి. అంతస్తుల సంఖ్యను పదితో భాగిస్తే భవనం ఒకసారి అటూ ఇటూ ఊగే కాలం సుమారుగా వస్తుంది: పది అంతస్తులకు ఒక సెకను. నేల ఊగే కాలం, భవనం ఊగే కాలం దగ్గర దగ్గరగా వస్తే ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టే, ప్రతి తోపుకూ ఊపు పెరుగుతుంది.

1985 సెప్టెంబర్ 19న మెక్సికో సిటీలో జరిగిందిదే. భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, పసిఫిక్ తీరం దగ్గర. కానీ నగరంలో పెద్ద భాగం ఒకప్పటి టెస్కోకో సరస్సు అడుగున ఉన్న మెత్తటి బంకమట్టి మీద ఉంది. ఆ మట్టి సుమారు 2 సెకన్లకోసారి ఊగింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు. పగుళ్లు పడ్డకొద్దీ భవనం బిరుసు తగ్గి, అది ఊగే కాలం పెరుగుతుంది, అంటే అది తనంతట తానే నేల ఊపుకు మరింత దగ్గరవుతుంది. అదే నగరంలో గట్టి నేల ఉన్న చోట నష్టం చాలా తక్కువ.

మూడో ప్రశ్న అసలైనది: ఈ అంకె రాతి మీద వేసిందా, మీ నేల మీద వేసిందా? చాలా దేశాల మ్యాప్‌లు అంతటా గట్టి రాయే ఉందనుకుని గీస్తారు. సూచికలో ఎక్కడో చిన్న అక్షరాల్లో "వీఎస్30 = 760 మీ/సె" అని ఉంటుంది. పై 30 మీటర్ల నేలలో భూకంపపు ఎస్ తరంగాలు (నేలను అడ్డంగా కదిపే తరంగాలు) సెకనుకు సగటున 760 మీటర్లు పోతాయని దానర్థం. మెత్తటి మట్టిలో ఇది 180కి కూడా తక్కువ ఉండొచ్చు. మీది ఒండ్రు నేలో, పూడ్చిన చెరువో అయితే ఆ మ్యాప్ అంకెను అలాగే తీసుకోకూడదు, నేల రకాన్ని బట్టి సవరించాలి. సవరణ గుణకాలు మీ దేశపు భవన నిర్మాణ కోడ్‌లో ఉంటాయి.

మ్యాప్‌లో నేల ప్రభావం ముందే కలిపి ఉంటే మళ్లీ గుణించొద్దు. ఈ తప్పు నేనే చేశాను. మొదటి రోజుల్లో సూచిక చదవకుండా, ఇప్పటికే సవరించిన అంకెల్ని మళ్లీ సవరించి, నది ఒడ్డున ఉన్న గట్టి బడి భవనాన్ని జాబితా నెత్తిన పెట్టాను. ఇంజనీర్ల రెండు రోజులు దానికే పోయాయి. ఇంకో సంగతి, ఈ గుణకం ఎప్పుడూ ఒకటే కాదు. చిన్న ఊపును మెత్తటి నేల బాగా పెంచుతుంది. ఊపు మరీ బలంగా ఉన్నప్పుడు మట్టే కొంత శక్తిని మింగేసి, పొట్టి భవనాలకు తగిలే వేగవంతమైన ఊపును అంతగా పెంచదు. అందుకే కోడ్ పట్టిక చూడాలి, "మెత్తటి నేలైతే రెట్టింపు" అనే సూత్రం పట్టుకు తిరగొద్దు.

లిక్విఫాక్షన్‌కు, అంటే నీళ్లు నిండిన ఇసుక నేల ఊపుకు బురదలా మారిపోవడానికి, వేరే మ్యాప్ ఉంటుంది. 1989 లోమా ప్రియెటా భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మెరీనా ప్రాంతం కేంద్రానికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నా దెబ్బతింది, ఎందుకంటే అది నీళ్లను పూడ్చి చేసిన నేల. మీ దగ్గర ఆ మ్యాప్ లేకపోతే పాత సర్వే పటాలు తీసి చెరువులు, వాగులు ఎక్కడుండేవో చూడండి.

ఎంత దగ్గరకు జూమ్ చేసినా మ్యాప్‌లో లేని వివరం పుట్టుకురాదు. జపాన్ జాతీయ మ్యాప్‌లో ఒక్కో గడి (ఒకే అంకె ఇచ్చే చదరం) వెడల్పు 250 మీటర్లు, అదే ఎంతో వివరమైనది. గడి గీత మీ వీధి మధ్యగా పోయిందని ఎదురింటివాళ్లకు ప్రమాదం తక్కువని చెప్పకండి.

4. భవనాలు చూడటం

ఇది తెర మీద చేసే పని కాదు. మ్యాప్ ప్రింట్ తీసుకుని నడవాలి. ప్రతి భవనానికీ నాలుగు సంగతులు రాసుకోండి: ఎప్పుడు కట్టారు (భూకంప కోడ్ రాకముందా, తర్వాతా), ఎన్ని అంతస్తులు, దేంతో కట్టారు, కింద అంతస్తు పిల్లర్ల మీద ఖాళీగా ఉందా. చివరిది మరీ ముఖ్యం. పైన గోడలతో బిగుసుకుని, కింద పార్కింగ్ కోసం ఖాళీగా వదిలిన భవనంలో వంగడమంతా ఆ ఒక్క అంతస్తులోనే జరుగుతుంది. లాస్ ఏంజెలెస్ 2015లో ఇలా కింద బలహీనంగా ఉన్న పాత చెక్క భవనాలను బలపరచడం తప్పనిసరి చేసింది.

5. రోడ్లు, నీళ్లు

ఆసుపత్రికీ అగ్నిమాపక కేంద్రానికీ వెళ్లే దారుల్లో ఇరుకు సందులు, పాత ఫ్లైఓవర్లు గుర్తు పెట్టండి. 1995లో జపాన్‌లోని కోబె నగర భూకంపంలో నీటి పైపులు పగిలి, మంటలు ఆర్పడానికి చాలాచోట్ల నీళ్లే లేకపోయాయి.

6. జాబితా

నేల, భవనం, దారి: మూడు గడులు వేర్వేరుగా ఉంచండి. కొన్ని యాప్‌లు అన్నీ కలిపి "వందకు 62" అని మార్కులు వేస్తాయి. నేను వాటిని ముట్టుకోను. నేల చెడ్డదైతే పునాది చూడాలి, భవనం చెడ్డదైతే పిల్లర్లు చూడాలి, 62 ఈ రెండింట్లో దేన్నీ చెప్పదు. టోక్యో మహానగర ప్రభుత్వం 1975 నుంచి సుమారు 5 ఏళ్లకోసారి 5,000కు పైగా చిన్న పేటలకు లెక్క ప్రచురిస్తోంది. అందులోనూ భవనాలు కూలే ప్రమాదానికి ఒక ర్యాంకు, మంటల ప్రమాదానికి ఇంకొకటి వేర్వేరుగా కనిపిస్తాయి.

నేలా భవనమూ రెండూ బాగోలేనివి పైన రాయండి. వాటిలో బడులు, ఆసుపత్రులు ఉంటే ఇంకా పైకి. మొదటి విడతకు ఇరవై చాలు. రెండు వందలు రాసిన జాబితాను ఎవరూ తెరవరు. ఏ మ్యాప్ వాడారో, ఏ సంవత్సరానిదో, నేల సవరణ చేశారో లేదో పై వరుసలో రాసి స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇవ్వండి. ఆయన మొదట అడిగేది అదే.