సంక్రాంతి కబడ్డీకి ముందు గజ్జల కండరాల విషయంలో జాగ్రత్తలు

కబడ్డీలో గజ్జ పట్టేయడం ఎక్కువగా రెండు సందర్భాల్లో కనిపిస్తుంది. కూతకు వెళ్ళిన ఆటగాడు బోనస్ గీత కోసం ఒక కాలిని బాగా చాచి, మరుక్షణమే వెనక్కి లాక్కోబోవడం మొదటిది. మూలన ఉన్న ఆటగాడు అతని చీలమండను ఒడిసిపట్టి లాగుతుండగా, ఆ కాలిని గుంజుకుంటూ మధ్య గీతను అందుకోవడానికి ఒరగడం రెండోది. రెండింటిలోనూ తొడ లోపలివైపు కండరాలు సాగుతూనే బిగుసుకోవలసి వస్తుంది. ఆ ఒత్తిడికి తట్టుకోలేనప్పుడు కండరపు పోగులు చిరుగుతాయి. పొత్తికడుపు కింది ఎముక నుంచి తొడ ఎముకకు సాగే ఈ కండరాల్లో ఎక్కువగా దెబ్బతినేది అడక్టర్ లాంగస్. ఊళ్ళలో దీన్ని 'నరం పట్టింది' అంటారు గాని, చిరిగేది నరం కాదు, కండరమే.

సంక్రాంతి పోటీలకు వచ్చే ఆటగాళ్ళలో చాలామంది ఏడాదంతా ఉద్యోగాల్లో కూర్చుని, పండుగకు బస్సులో రాత్రంతా ప్రయాణించి, ఆ సాయంత్రమే బరిలోకి దిగుతారు. పుష్యమాసపు చలిలో, ఫ్లడ్‌లైట్ల కింద, తమ జట్టు వంతు కోసం గంటలకొద్దీ కూర్చుని లేచి నేరుగా కూతకు వెళ్తారు. అందువల్ల గాయానికి కారణం ఎదుటివాడి పట్టేనని ఎంత వాదించినా, నా దృష్టిలో అసలు కారణం అంతకు ముందరి ఖాళీ నెలలే. ఇంతకుముందు ఒకసారి గజ్జ పట్టినవారికి మళ్ళీ పట్టే అవకాశం మిగతావారికంటే ఎక్కువ కాబట్టి, నిరుడు కుంటుతూ బయటికి వచ్చిన ఆటగాడు అందరికంటే ముందుగా సాధన మొదలుపెట్టాలి.

ఆ సాధనకు కార్తీకమాసం సరైన సమయం, ఎందుకంటే కండరానికి బలం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కేవలం కాళ్ళు సాగదీసుకుంటే చాలదు. కోపెన్‌హాగన్ వ్యాయామం దీనికి బాగా పనిచేస్తుంది: ఒక పక్కకు తిరిగి మోచేతిపై ఆనుకుంటే, తోటి ఆటగాడు పైకాలిని మోకాలి దగ్గరా చీలమండ దగ్గరా పట్టుకుంటాడు; ఆ పైకాలి బలంతోనే నడుమును లేపి, కింది కాలిని పైకాలికి ఆనించి, మెల్లగా దించాలి. నార్వేలో పురుష ఫుట్‌బాల్ ఆటగాళ్ళపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ వ్యాయామం చేసిన జట్లలో గజ్జల సమస్యల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. వారానికి రెండు మూడుసార్లు చేయవచ్చు. మొదట్లో మోకాలి దగ్గర మాత్రమే పట్టుకుంటే భారం తగ్గుతుంది. అయితే పోటీకి నాలుగు రోజుల ముందు గుర్తొచ్చి మొదలుపెడితే మాత్రం తొడలు నొప్పెక్కి ఆటే చెడుతుంది.

బలం మాట అలా ఉంచి, ఆడదగిన స్థితిలో ఉన్నామో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపి, రెండు చీలమండల మధ్య తోటివారి ముంజేతిని ఉంచి, ఐదు సెకన్లపాటు శక్తికొద్దీ నొక్కాలి. గజ్జల్లో నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారో చూసుకోవాలి: రెండు వరకు ఫరవాలేదు, మూడు నుంచి ఐదు అయితే ఆట తగ్గించాలి, ఆరు లేదా అంతకంటే ఎక్కువైతే ఆగి చూపించుకోవాలి.

కూతలో గజ్జ కలుక్కుమంటే అక్కడే ఆపాలి. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని ఫైనల్ ఆడటం చిన్న చిరుగును పెద్దది చేసుకోవడమే. మొదటి రెండు రోజులు వేడి కాపడం, మద్యం, నూనెతో గట్టి మర్దన వద్దు. గుడ్డలో చుట్టిన మంచుముక్కలను పావుగంట చొప్పున పెట్టి, మెత్తగా కట్టు కట్టాలి. నడవలేకపోయినా, తొడ కమిలినా వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

గజ్జల్లో నొప్పి అంతా కండరానిదే కాదు. ఒట్టి కాళ్ళతో ఆడేవారికి పాదంలో పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. దగ్గినప్పుడు ఉబ్బు కనిపిస్తే హెర్నియా అనుమానించాలి. ఎదిగే వయసు పిల్లలు తొడ లేదా మోకాలి నొప్పితో కుంటుతుంటే తుంటి కీలుకు ఎక్స్‌రే తీయించాలి. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే అది మెలిపడి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఎందుకంటే అక్కడ గంటల ఆలస్యం కూడా వృషణాన్ని పోగొట్టవచ్చు.

మళ్ళీ బరిలోకి దిగడానికి రోజులు లెక్కపెట్టుకోవడం సరిపోదు. ముంజేతి పరీక్షలో నొప్పి లేకపోవాలి, తిన్నగా పరుగెత్తగలగాలి, పక్కలకు అడుగులు వేస్తూ ఒక్కసారిగా దిశ మార్చగలగాలి. చివరగా సాధనలో తోటివాడు చీలమండ పట్టుకుంటే నొప్పి లేకుండా విడిపించుకోగలిగాకే కూతకు పంపాలి.