మన టీమ్‌కి కొత్త షార్ట్‌స్టాప్ వచ్చిండా? అయితే ఆయన్ని ఇట్ల చూడుండ్రి

మీరు ఫాలో అయ్యే బేస్‌బాల్ టీమ్ కొత్త షార్ట్‌స్టాప్‌ని, అంటే బేస్‌ల నడుమ నిలబడే ఫీల్డర్‌ని, తెచ్చుకున్నదనుకోండ్రి, ట్రేడ్‌ల (ఇంకో టీమ్‌తోని ఆటగాళ్లని మార్చుకునుడు) గానీ పైసలు పోసి గానీ, రెండు వారాలు కాకముందే న్యూజెర్సీ ఎడిసన్ల ఉన్న బావ గ్రూప్‌ల మెసేజ్ పెడ్తడు, ఇన్ని మిలియన్లు దండుగ రా, బాల్ తగుల్తనే లేదు అని. మీరు ఆ ముచ్చటల పడకుండ్రి. షార్ట్‌స్టాప్‌ని బ్యాట్‌తోని చూసుడు మొదలుపెడ్తె ఏప్రిల్‌లనే విసుగొస్తది, కాళ్లు, గ్లవ్ (అంటే ఫీల్డింగ్) చూసుడు మొదలుపెడ్తె మాత్రం మెల్లగ పిచ్చి పడ్తది. క్రికెట్ చూసి పెరిగిన మన నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరోళ్లకి పనికొచ్చేటట్టు రాస్తున్న, రూల్స్ అన్నీ చెప్త కూసోను.

ముందు టైం సంగతి. సీజన్ నడిచేటప్పుడు న్యూయార్క్‌కీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా, అక్కడ రాత్రి 7:10 మ్యాచ్ అంటే మనకి తెల్లారి 4:40. వాకింగ్‌కి లేచేటోళ్లకి ఇది మస్తు సెట్ అయితది, సగం మ్యాచ్ చూసి గ్రౌండ్‌కి పోవచ్చు. మధ్యాహ్నం 1:10 మ్యాచ్ అయితే మనకి రాత్రి 10:40, లాస్ ఏంజెలిస్ల రాత్రి మ్యాచ్ అయితే పొద్దున 7:40కి వస్తది, టిఫిన్ తినుకుంట చూడొచ్చు. 162 మ్యాచ్‌లు ఉంటయి, అన్నీ చూడాల్నని పెట్టుకుంటె ఇంట్ల గొడవలైతయి. వారానికి రెండు పూర్తిగ చూడుండ్రి, మిగిలినయి పది పదిహేను నిమిషాల కండెన్స్‌డ్ వీడియోలు ఫ్రీగనే దొరుకుతయి.

ఇగ షార్ట్‌స్టాప్ నిలబడే జాగ. నలుపలకల నాలుగు మూలలకి హోమ్, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని బేస్‌లు ఉంటయి, బ్యాటర్ ఉండేది హోమ్ కాడ. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడిమిట్ల ఉంటడు, ఆయన కాళ్ల కింద బేస్ ఏం ఉండదు. మన లెక్కల చెప్పాల్నంటే కుడిచేతి బ్యాటర్‌కి లెగ్ సైడ్, మిడాన్‌కీ మిడ్‌వికెట్‌కీ మధ్యల అనుకోండ్రి. ఎక్కువమంది కుడిచేతోళ్లే, వాళ్లు బలంగ తిప్పితె బాల్ ఈ దిక్కే వస్తది, అందుకే టీమ్‌ల అందరికంటె చురుకైనోణ్ణి ఈడ నిలబెడ్తరు. అయితే మిడ్‌వికెట్ల బాల్ ఆపితె మనోని పని అయిపోయినట్టే, ఇక్కడ ఆపుడు సగం పనే. బ్యాటర్ హోమ్ నుంచి ఫస్ట్ బేస్ దాంక 90 అడుగులు ఉరుకుతడు, మామూలోడు నాలుగు సెకండ్ల మీద జరంత తీసుకుంటడు, బాగ ఉరికేటోడు నాలుగుకే చేరుతడు. అంత లోపట బాల్ దగ్గరికి పోవాలె, వంగాలె, పట్టాలె, గ్లవ్ల నుంచి కుడిచేతిలకి తీయాలె, ఫీల్డ్ అడ్డం మీద విసరాలె. బాల్ చేతిల పడి కూడ బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరిండంటే ఔట్ లేదు.

చూసుడు ఎట్ల అంటే, టీవీ మనకి సాయం చెయ్యదు, ఇది ముందే తెలుసుకోండ్రి. కెమెరా పిచర్ (మన బౌలర్ లెక్క) ఎనకాల సెంటర్ ఫీల్డ్ల ఉంటది, పిచరూ బ్యాటరూ క్యాచరూ (మన కీపర్ లెక్క) కనపడ్తరు, మనం చూడాల్సినోడు ఫ్రేమ్‌ల ఉండడు. బాల్ బ్యాట్‌కి తగిలినంక కెమెరా మారుతది, అప్పటికి ఆయన రెండడుగులు ఏసేసి ఉంటడు. అందుకని షాట్ మారంగనే ఆయన ఏడ ఉన్నడో చూసి పాజ్ చేయుండ్రి, ఎనకకి తిప్పుండ్రి, రీప్లేల ఎత్తు మీది నుంచి చూపించిన యాంగిల్ వస్తె దాన్ని వదలకుండ్రి. బాల్ తగిలినంక ఆయన మొదటి అడుగు ఎటు దిక్కు పడ్డది, నిటారుగ పోయిండా వంకరగ పోయిండా, ఇదే అసలు చూడాల్సింది. మంచి షార్ట్‌స్టాప్‌కి డైవ్ కొట్టే పని తక్కువ పడ్తది, ఎందుకంటే ముందే బాల్ దగ్గర ఉంటడు. డైవ్ కొట్టినోణ్ణి చూసి మనం చప్పట్లు కొడ్తం, కొన్నిసార్లు వాడు మొదటి అడుగు లేటుగ ఏసినందుకే డైవ్ కొట్టాల్సి వచ్చిందని రీప్లే చూస్తె తెలుస్తది.

ఇంకోటి, 2023 నుంచి రూల్ మారింది, ఇన్‌ఫీల్డర్లు, అంటే బేస్‌ల కాడ ఉండే నలుగురు ఫీల్డర్లు, రెండో బేస్‌కి ఇటు ఇద్దరు అటు ఇద్దరు ఉండాలె, కాళ్లు మట్టి దాటి ఎనకకి పోవద్దు. అంతకుముందు కంప్యూటర్ చెప్పిన జాగల ముగ్గుర్ని ఒకే దిక్కు నిలబెట్టి కవర్ చేసుకునేటోళ్లు, ఇప్పుడు ఆ సౌలత్ లేదు, మనోని కాళ్లల్ల ఎంత సత్తా ఉన్నదో అంత బయటపడ్తది. నాకైతే ఈ రూల్ మస్తు నచ్చింది.

మూడు రకాల బాల్స్ కోసం కాసుకొని కూసోండ్రి. ఒకటి మెల్లగ దొర్లుకుంట వచ్చేది. దీనికి ముంగటికి ఉరుకాలె, ఆగి విసిరే టైం ఉండదు, ఉరుక్కుంటనే పక్క నుంచి విసరాలె. ఇంకోటి మూడో బేస్ దిక్కు పోయే బాల్, దీన్ని బ్యాక్‌హ్యాండ్‌తోని పట్టాలె, పట్టినప్పుడు ఒళ్లంతా ఫస్ట్ బేస్‌కి దూరంగ పోతుంటది, అక్కడ కాలు ఆనించి ఎనకకి తిరిగి అంత దూరం విసరాలె, చెయ్యి ఎంత గట్టిదో ఈ ఒక్క బాల్‌తోనే తెలిసిపోతది. మూడోది డబుల్ ప్లే. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు బాల్ రెండో బేస్ దిక్కు వస్తె సెకండ్ బేస్‌మన్‌కి అందిస్తడు, లేకపోతె తానే అందుకొని బేస్ తొక్కి ఫస్ట్‌కి విసురుతడు, ఒకే బాల్‌కి ఇద్దరు ఔట్. ఇక్కడ గ్లవ్ల నుంచి చేతిలకి బాల్ మారే తీరు చూడుండ్రి, వేడి పెనం మీద జొన్నరొట్టె తిప్పే మా అమ్మ చెయ్యి లెక్కనే, తగిలిందా లేదా అన్నట్టు ఉంటది. బాగ చేసేటోనిది స్లో మోషన్ల కూడ సరిగ దొరకదు.

నమ్మబుద్ధి కాకుంటె ఒక ఆదివారం నల్లగొండ ఎన్జీ కాలేజ్ గ్రౌండ్ల గానీ మీ ఊరి బడి గ్రౌండ్ల గానీ చేసి చూడుండ్రి. 27 మీటర్ల మీద జరంత కొలిచి రెండు రాళ్లు పెట్టుండ్రి, ఒకటి హోమ్, ఒకటి ఫస్ట్. అదే కొలత తీసుకొని నలుపలకల గీత గీస్తె మిగతా రెండు బేస్‌లు వస్తయి. షార్ట్‌స్టాప్ ఉండే జాగల ఒకణ్ణి నిలబెట్టుండ్రి, టెన్నిస్ బాల్ చాలు, గ్లవ్ లేకుండ కార్క్ బాల్‌తోని అస్సలు ఆడకుండ్రి ఏళ్లు విరుగుతయి. బాల్ నేల మీద గట్టిగ కొట్టి బ్యాటర్ ఉరుకాలె, ఇంకొకడు ఫోన్ల స్టాప్‌వాచ్ పట్టుకోవాలె. మన గ్రౌండ్‌లల్ల రాళ్లు, గుంతలు, బాల్ ఎటు లేస్తదో ఎవ్వనికీ తెల్వది, మీ గల్లీల జాంటీ రోడ్స్ అని పేరున్నోడు కూడ మొదటి పది బాల్స్‌కి తల పట్టుకుంటడు. ఆ తెల్లారి మ్యాచ్ చూస్తె కండ్లు వేరే ఉంటయి.

ఇప్పుడు బ్యాట్ సంగతి, బావతోని కొట్లాటంతా ఈడనే కదా. అతనికి లిండోర్ కథ చెప్పుండ్రి. షార్ట్‌స్టాప్ ఫ్రాన్సిస్కో లిండోర్‌ని 2021 జనవరిల న్యూయార్క్ టీమ్ మెట్స్ వాళ్లు క్లీవ్‌లాండ్ నుంచి ట్రేడ్‌ల తెచ్చుకున్నరు, సీజన్ మొదలయ్యే ముందట పదేండ్లకి 341 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసుకున్నరు. అయితే మే నెలల ఆయన యావరేజ్ .200 కింద ఉన్నది, అంటే వంద సార్లు ఆడితె ఇరవై హిట్లు కూడ లేవు, ఈ ఆటల .300 అంటేనే గొప్ప అనుకోండ్రి, అయినా ఇది మరీ అన్యాయం. సొంత గ్రౌండ్లనే బూ కొట్టిన్రు. ఆగస్టుల ఆయనా, కొత్తగ వచ్చిన హావియెర్ బాయెజ్ అసుంటి వాళ్లూ కలిసి ఆ జనం దిక్కే బొటనవేలు కిందికి చూపిస్తె పెద్ద లొల్లి అయ్యింది, తర్వాత సారీ చెప్పిన్రు. ఆ ఏడు .230 దగ్గర ముగిసింది. ఆ ఏడాదిల గ్లవ్ మాత్రం ఎప్పుడూ తక్కువ చెయ్యలే, కానీ గ్లవ్ చూసేటోళ్లు ఎంతమంది?

2022ల అదే మనిషి తన బ్యాట్‌తోని టీమ్‌కి 107 పరుగులు తెప్పిచ్చిండు. 2023ల 31 హోమ్ రన్లు (మన సిక్సర్ లెక్క), 31 స్టీల్ చేసిన బేస్‌లు, అంటే పిచర్ బాల్ ఏసేటప్పుడు ఉరికి దొంగతనంగ పట్టిన బేస్‌లు. 2024ల మళ్లీ నెల నెలన్నర దారుణంగ ఆడిండు, మే నడిమిట్ల లీడాఫ్‌కి మార్చిన్రు, మన భాషల ఓపెనర్‌ని చేసిన్రు, ఇగ అక్కడ నుంచి ఆపుడు కాలేదు. సెప్టెంబర్‌ల నడుము నొప్పితోని కొన్ని మ్యాచ్‌లు కూసున్నడు, సెప్టెంబర్ 30న అట్లాంటాల ఆఖరి ఇన్నింగ్స్‌ల టీమ్ ఎనకబడ్డప్పుడు రెండు పరుగుల హోమ్ రన్ కొట్టి 8-7తోని గెలిపించి ప్లేఆఫ్‌కి పట్టుకపోయిండు. పది రోజులు కూడ కాలేదు, ఫిలడెల్ఫియా మీద మూడు బేస్‌ల నిండ మనుషులున్నప్పుడు ఇంకోటి కొట్టిండు, గ్రాండ్ స్లామ్. ఆ ఏడు ఎంవీపీ (లీగ్‌ల బెస్ట్ ప్లేయర్) ఓట్లల్ల ఒహ్తాని తర్వాత ఈయనే. 2021ల బూ కొట్టినోళ్లు ఇప్పుడు ఆయన బ్యాటింగ్‌కి వస్తుంటె స్టేడియమంతా పాట పాడ్తరు.

అందుకని నా లెక్క ఇది, మొదటి సీజన్ల జూన్ దాంక బ్యాట్ నంబర్ల దిక్కు చూడనే చూడకుండ్రి. కొత్త ఊరు, కొత్త పిచర్లు, మీద పైసల బరువు, ఇయన్నీ బ్యాట్ మీదనే పడ్తయి ముందట. గ్లవ్ అట్ల గాదు, అది తీస్కొనే వస్తడు. జూన్ల గ్లవ్ కూడ సరిగ లేదనిపిస్తె అప్పుడు బావతోని ఒప్పుకోండ్రి, తప్పు లేదు.

నంబర్లు చూడాల్ననిపిస్తె ఎర్రర్ల (ఫీల్డర్ చేసిన తప్పుల) లెక్క చూసి మోసపోకుండ్రి. బాల్ దాంక చేరనోనికి ఎర్రరే రాయరు, కష్టపడి చేరి చేయి జారినోనికే రాస్తరు. దానికంటె బేస్‌బాల్ సావంట్ అని వెబ్‌సైట్ ఉన్నది, ఫ్రీ, అందుల ఔట్స్ అబవ్ యావరేజ్ చూడుండ్రి. బాల్ దగ్గరికి ఎంత దూరం ఉరికిండు, ఎంత టైం దొరికింది, అటు బ్యాటర్ ఎంత స్పీడు, ఇయన్నీ కలిపి మామూలు ఆటగాని కంటె ఎన్ని ఔట్లు ఎక్కువ చేసిండో చెప్తది. ఉరుకుడు స్పీడ్ కూడ ఉంటది, సెకండ్‌కి 27 అడుగులు అంటే సగటు. ఇది చూసుడు మొదలుపెట్టినంక పాత షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ గురించి ఎవ్వరితోనైనా కొట్లాడొచ్చు. న్యూయార్క్ యాంకీస్‌తోని ఐదు వరల్డ్ సిరీస్‌లు (సీజన్ ఫైనల్), 3,465 హిట్లు, ఐదు గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డు), కానీ ఫీల్డింగ్ లెక్కలు తీసినోళ్లంతా ఆయన చేరాల్సిన బాల్స్ దాంక చేరలేదనే అంటరు. గాలిల ఎగిరి విసిరేది మాత్రం ఇప్పటికీ చూడబుద్ధి అయితది, నేను కాదనను.

దీనికి పూరా ఉల్టా కావాల్నంటే ఇంకో షార్ట్‌స్టాప్ ఓజీ స్మిత్ పాత వీడియోలు తీయుండ్రి. 1982 సీజన్‌కి ముందట శాన్ డియాగో నుంచి సెయింట్ లూయిస్‌కి ట్రేడ్‌ల వచ్చిండు, ఆ ఏడే వరల్డ్ సిరీస్ గెల్చిన్రు. 1980 నుంచి 1992 దాంక వరుసగ 13 గోల్డ్ గ్లవ్‌లు. 19 సీజన్లల్ల హోమ్ రన్లు మొత్తం 28, ఇప్పుడు కొందరు ఒక్క ఏడాదిల కొడ్తరు అన్ని. అయినా హాల్ ఆఫ్ ఫేమ్ల ఉన్నడు. బ్యాటే ముఖ్యం అనే బావకి ఈ రెండు లైన్లు కాపీ చేసి పంపుండ్రి, సాయంత్రం దాంక రిప్లై రాదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుంటె ఇంకా మజా వస్తది. స్కోర్ రాసేటప్పుడు షార్ట్‌స్టాప్ నంబర్ 6, ఫస్ట్ బేస్‌మన్ 3, సెకండ్ బేస్‌మన్ 4. ఆయన పట్టి ఫస్ట్‌కి విసిరితె 6-3 అని రాయుండ్రి, డబుల్ ప్లే అయితే 6-4-3. పక్కన ఒక్క ముక్క, మెల్లగ వచ్చిందా, బ్యాక్‌హ్యాండా, విసురు నేలకి తగిలి పోయిందా అని. నెల తిరిగేసరికి మీ కాడ ఉన్న సమాచారం కామెంటేటర్ దగ్గర కూడ ఉండదు.

పిల్లల దగ్గరికి న్యూజెర్సీ పోయే అమ్మానాన్నలకి ఒక మాట. ఎడిసన్ నుంచి ట్రైన్ల పెన్ స్టేషన్, అక్కడ మారితె మెట్స్ విల్లెట్స్ పాయింట్ స్టేషన్ల స్టేడియం ముంగటనే దిగుతరు. కింది సీట్లకి పైసలు పెట్టకుండ్రి, హోమ్ ప్లేట్ ఎనకాల పై అంతస్తుల అగ్గువ సీట్లు తీసుకోండ్రి, టీవీల ఎన్నడూ కనపడని మొదటి అడుగు అక్కడి నుంచి సాఫ్‌గ కనపడ్తది. పిచర్ బాల్ ఏసే ముందట పిచర్‌ని చూడకుండ్రి, షార్ట్‌స్టాప్‌నే చూడుండ్రి, ప్రతి బాల్‌కీ చిన్న ఎగురు ఎగిరి మునివేళ్ల మీద దిగుతడు. అమ్మకి బోర్ కొడ్తదనుకుంటె అదే ఫ్లషింగ్ల గణేశుని గుడి ఉన్నది, ముందట అక్కడ దర్శనం చేసుకొని కింద క్యాంటీన్ల దోశ తినిపించి తీస్కపోండ్రి.

జెర్సీ మాత్రం ఇప్పుడే తెప్పియ్యకుండ్రి. జూలై ఆఖర్ల, లేకపోతె ఆగస్టు మొదట్ల ట్రేడ్ డెడ్‌లైన్ ఉంటది, ఒప్పందం చిన్నదైతే మనోడు అటే పోవచ్చు. అది దాటినంక చెప్పుండ్రి, డిసెంబర్ల ఊరికొచ్చేటోళ్లు ఎవరో ఒకరు ఉంటరు, సూట్‌కేస్ల ఒక జెర్సీకి జాగ ఉంటది, బావనే తెమ్మనుండ్రి.